తెలుగు కథోలిక విచారణలో వారం: ఆరాధన, శ్రమ, సమానత – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
తెలుగునాట కథోలిక సంఘ చరిత్రను సాధారణంగా మిషనరీల రాక, దేవాలయ నిర్మాణాలు, మేత్రాసనాల స్థాపన అనే క్రమంలో చెప్పడం పరిపాటి. విశ్వాసుల దైనందిన జీవితంలో ఆ మతం నిలదొక్కుకున్నది మాత్రం వారం అనే చిన్న కాలపరిమాణంలో. గురువు అరుదుగా వచ్చే పల్లెలో ఆదివారాన్ని ఎవరు నిలబెట్టారు, లాటిన్ పూజ జరుగుతున్నప్పుడు తెలుగు విశ్వాసి ఏ భాషలో ప్రార్థించాడు, కూలి పనికి పోయే మనిషికి దివ్యసత్ప్రసాదం ఎలా అందింది, ఒకే బలిపీఠం ముందు కులం ఏమైంది అనే నాలుగు ప్రశ్నల ఆధారంగా తెలుగు విచారణ వారపు జీవితాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలక పదాలు: కథోలిక విచారణ, ఆదివారం, ఉపదేశి, దివ్యపూజ, రెండవ వాటికన్ మహాసభ, దళిత క్రైస్తవులు.

1. ప్రవేశిక:
పల్లె వ్యవసాయ జీవితంలో వారానికి తనదైన నడక ఉంది. సంత జరిగే రోజు, కూలి డబ్బు చేతికందే రోజు, ఇలవేలుపుకు మొక్కే రోజు ఆ నడకను నిర్ణయిస్తాయి. సోమవారం శివునికి, శనివారం వేంకటేశ్వరునికి ప్రీతికరమన్న భావన తెలుగువారికి తరతరాలుగా పరిచితం. ఈ వారంలోకి కథోలిక మతం ఒక కొత్త నియమాన్ని తెచ్చింది: ఆదివారం దివ్యపూజలో పాల్గొనాలి, శారీరక శ్రమ మానాలి. రోమన్ సామ్రాజ్యంలో కాన్‌స్టంటైన్ చక్రవర్తి క్రీ.శ. 321లో ఆదివారాన్ని విశ్రాంతి దినంగా శాసించాడు. ఐరోపాలో రాజశాసనం, సంఘనియమం కలిసి అలా ఒక సామాజిక అలవాటును తయారు చేశాయి. తెలుగు పల్లెలో ఆ అలవాటుకు అండగా రాజశాసనమూ లేదు, భూస్వామి అనుమతీ లేదు. అందుచేత ఇక్కడ ఆదివారం విశ్వాసులు తమ రోజుకూలిలోంచి వదులుకొని సంపాదించుకోవలసిన రోజు అయింది.

2. ‘విచారణ’ – పదం, వ్యవస్థ:
తెలుగు కథోలికులు తమ స్థానిక సంఘాన్ని ‘విచారణ’ అంటారు. దాని బాధ్యుడు విచారణ గురువు. కొన్ని విచారణలు కలిస్తే మేత్రాసనం. విచారించడమంటే అడిగి తెలుసుకోవడం, బాగోగులు చూడడం. ఈ పదంలో భూభాగపు హద్దుకన్నా మనుషుల యోగక్షేమమే ముందు వినిపిస్తుంది. 1917 నాటి సంఘ ధర్మశాస్త్రం ప్రధానంగా భూభాగ విభజనగానే విచారణను చూసింది. మిషన్ ప్రాంతాల్లోని విభాగాలను పూర్తి విచారణలుగా కాక, విచారణతో సమానమైనవిగా మాత్రమే పరిగణించింది. 1983 నాటి ధర్మశాస్త్రం విచారణను మొదటగా ‘క్రీస్తు విశ్వాసుల సముదాయం’గా నిర్వచించింది. రోములో ఆలస్యంగా వచ్చిన ఈ మార్పుకు తెలుగు పదం ముందునుంచే దగ్గరగా ఉండటం గమనించదగినది.

తెలుగు ప్రాంతపు విచారణకు ఒక ప్రత్యేక స్వరూపం ఉంది. గురువు నివసించే కేంద్ర గ్రామం ఒకటి, దాని చుట్టూ ఉపగ్రామాలు అనేకం. ప్రతి ఉపగ్రామంలో ప్రతి ఆదివారం పూజ చేయడం ఒక్క గురువుకు సాధ్యపడదు. విచారణ వారాన్ని తీర్చిదిద్దిన ప్రాథమిక పరిస్థితి ఇదే.

3. కర్ణాటక మిషన్ – దూరపు గురువు:
18వ శతాబ్ది ఆరంభంలో పుదుచ్చేరి కేంద్రంగా ఫ్రెంచి యేసుసభ గురువులు నడిపిన కర్ణాటక మిషన్ పుంగనూరు, కృష్ణాపురం, మద్దిగుబ్బ ప్రాంతాలకు విస్తరించింది. ఆ గురువులు కాషాయం ధరించి, శాకాహార నియమం పాటించి, సన్యాసుల రీతిలో జీవించారు. రాయలసీమలోని కొన్ని రెడ్డి కుటుంబాలు ఆ కాలంలో జ్ఞానస్నానం పొందాయి. తరువాత వారి సంతతిలో కొందరు గుంటూరు సీమకు తరలి వచ్చి అక్కడి పాత కథోలిక గ్రామాలకు మూలమయ్యారు. మంగళగిరి ఆనందకవి ‘వేదాంత రసాయనము’ ఆ శతాబ్దిలోనే వెలువడింది. క్రైస్తవ విషయం తెలుగు పద్యకావ్య రూపంలోకి అంత త్వరగా ఒదగడం ఆ మిషన్ భాషాదృష్టికి నిదర్శనం.

1773లో పోపు యేసుసభను రద్దు చేశాడు. 1776లో కర్ణాటక మిషన్ బాధ్యత పారిస్ విదేశ మిషన్ సంఘానికి అప్పగించబడింది. గురువుల సంఖ్య పలచబడింది. 19వ శతాబ్దిలో పరిస్థితి మళ్లీ మారింది. 1846లో ఫ్రాన్సిస్ డి సేల్స్ సభ గురువులు విశాఖపట్నానికి, 1855లో మిలాన్ మిషనరీలు హైదరాబాదుకు, 1875లో మిల్‌హిల్ గురువులు గుంటూరు, నెల్లూరు ప్రాంతాలకు వచ్చారు. ఈ రెండు దశల నడుమ విశ్వాసం తెగిపోకుండా నిలవడానికి కారణం గురువుల నిరంతర సాన్నిధ్యం కాదు. ఇంటి జపం, గ్రామ పెద్ద నడిపే ప్రార్థన, ఉపదేశి పాఠం దాన్ని నిలబెట్టాయి.

4. ఉపదేశి – వారాన్ని నిలబెట్టిన మనిషి:
ఉపదేశి గురుపట్టం పొందినవాడు కాడు. వివాహితుడు, గ్రామవాసి, విశ్వాసుల్లో ఒకడు. గురువు రాని ఆదివారం గంట కొట్టి జనాన్ని పోగుచేయడం, జపమాల చెప్పించడం, పరలోక జపం, మంగళవార్త జపం, విశ్వాస సంగ్రహం పిల్లలకు కంఠతా పట్టించడం అతని పని. ప్రాణాపాయంలో ఉన్న శిశువుకు జ్ఞానస్నానం ఇవ్వడం, మరణశయ్య దగ్గర జపాలు చెప్పడం, గురువు వచ్చే సమయానికి పాపసంకీర్తనానికీ పెండ్లికీ సిద్ధమైనవారి వివరాలు అందించడం కూడా అతని బాధ్యతే. చదువు అందని వాడల్లో చాలామందికి అక్షరం పరిచయమైనది ఉపదేశి బడిలోనే. జ్ఞానోపదేశానికి చదవడం అవసరమైంది, ఆ చదువు వేరే దారులూ తెరిచింది.

ఇంత చేసిన వ్యక్తికి సంఘ వ్యవస్థలో స్థానం ఏమిటి? జీతం స్వల్పం, హోదా గురువుపై ఆధారపడినది. గురువు లేని చోట ఆదివార ఆరాధన ఎలా జరపాలో తెలిపే మార్గదర్శక పత్రాన్ని రోము 1988లో వెలువరించింది. ఉపదేశి సేవను సంఘంలో ఒక స్థిరమైన సేవాపదవిగా పోపు ఫ్రాన్సిస్ 2021 మే నెలలో గుర్తించారు. తెలుగు పల్లెల్లో తరాలుగా నడిచిన ఆచరణకు అధికారిక నామం అప్పుడు లభించింది. విచారణల చరిత్రల్లో గురువుల పేర్లు వరుసగా కనిపిస్తాయి. ఉపదేశుల పేర్లు అంత సులభంగా దొరకవు. ఈ లోటు చరిత్ర రచన తీర్చవలసినది.

5. లాటిన్ పూజ, తెలుగు జపం:
1570లో పోపు ఐదవ పయస్ స్థిరపరచిన పూజాగ్రంథం దాదాపు నాలుగు శతాబ్దాలు అమలులో ఉంది. గురువు బలిపీఠం వైపు తిరిగి లాటిన్‌లో మంత్రాలు చెప్పేవాడు. జనం తమ చోట మోకరించి తెలుగులో జపమాల చెప్పుకునేవారు. ఒకే దేవాలయంలో ఒకే వేళ రెండు ప్రార్థనలు సమాంతరంగా సాగేవి. గంట మోగినప్పుడు మాత్రమే ఆ రెండూ కలిసేవి. అప్పం పైకెత్తిన క్షణంలో అందరూ తల వంచేవారు. దీనిని కేవలం అజ్ఞానపు భక్తిగా కొట్టిపారేయడం సరికాదు. భాష అర్థం కాని చోట విశ్వాసులు తమ భాషలో తమకంటూ ఒక ఆరాధనను కట్టుకున్నారు. తెలుగు కథోలిక జపాల పదజాలం చాలావరకు ఈ సమాంతర సాధనలోనే నలిగి నునుపెక్కింది.

రెండవ వాటికన్ మహాసభ ఆమోదించిన దైవార్చనా సంవిధానం 1963 డిసెంబరు 4న వెలువడింది. ప్రజల భాషకు అది ద్వారం తెరిచింది. సవరించిన పూజాక్రమం 1969 నవంబరు 30న, ఆగమన కాలపు మొదటి ఆదివారం నుంచి అమలులోకి వచ్చింది. అదే ఏడాది ఏప్రిల్‌లో భారతీయ ఆచారాలకు సంబంధించిన పన్నెండు అంశాలకు రోము అనుమతి లభించింది. అంజలి ఘటించడం, హారతి, నూనె దీపం, నేలపై కూర్చోవడం, పంచాంగ ప్రణామం వాటిలో ఉన్నాయి.

తెలుగు పూజ వల్ల కలిగిన లాభం స్పష్టం. సువిశేషం ప్రతి ఆదివారం శ్రోతకు అర్థమయ్యే మాటల్లో వినిపించింది. చదువుకున్న కూలివాని కుమార్తె పఠనం చదవడానికి ముందుకు రాగలిగింది. మరోవైపు హారతి, దీపం వంటి మార్పులను అందరూ ఒకేలా స్వీకరించలేదు. వాటిని సొంత సంస్కృతికి దక్కిన గౌరవంగా కొందరు భావించారు. ఆ చిహ్నాలు అగ్రవర్ణ దేవాలయ సంప్రదాయానికి చెందినవని, ఆ గుడిలోకి ఒకనాడు తమకు ప్రవేశమే లేదని దళిత దృక్పథంగల ఆలోచనాపరులు ప్రశ్నించారు. ‘భారతీయం’ అంటే ఎవరి భారతీయం అన్న ఈ ప్రశ్న నేటికీ ప్రాసంగికమే.

6. ఉపవాసం, కూలి, సాయంకాల పూజ:
ప్రతి ఆదివారం అందరూ దివ్యసత్ప్రసాదం స్వీకరించడం ప్రాచీన కాలంనుంచి అవిచ్ఛిన్నంగా వస్తున్న అలవాటుగా నేడు తోస్తుంది. ఈ అలవాటు ఆధునిక కాలంలో బలపడినది. 1215 నాటి నాలుగవ లాటరన్ మహాసభ సంవత్సరానికి ఒకసారైనా స్వీకరించాలని నియమించింది. చాలామంది విశ్వాసులకు ఆ కనీసమే ఆచరణగా మిగిలింది. తరచుగా స్వీకరించాలన్న పోపు పదవ పయస్ ఆదేశం 1905లో వచ్చింది. బాలబాలికలను ఏడేండ్ల ప్రాయంలో మొదటి సత్ప్రసాదానికి అనుమతించే ఆదేశం 1910లో వెలువడింది.

అయినా ఒక ఆటంకం మిగిలింది. సత్ప్రసాదం స్వీకరించేవారు అర్ధరాత్రి నుంచి నీళ్లయినా ముట్టరాదన్న నియమం ఉండేది. పూజ తప్పనిసరిగా ఉదయమే జరగాలి. గురువు రెండు మూడు ఉపగ్రామాలు తిరిగి ఎండ ఎక్కాక చేరుకునే పల్లెలో, తెల్లవారుజామున పొలానికి పోవలసిన కూలివారికి ఈ నియమం ఎంత భారమో ఊహించవచ్చు. 1953లో పన్నెండవ పయస్ ఈ నియమాన్ని సడలించి, సాయంకాల పూజకు వీలు కల్పించాడు. 1957లో ఉపవాసం మూడు గంటలకు, 1964లో ఒక గంటకు తగ్గింది. ధర్మశాస్త్రంలో ఇది చిన్న సవరణ. తెలుగు పల్లెకు దాని ఫలితం పెద్దది. పని ముగించుకొని, స్నానం చేసి, దీపాల వేళ గుడికి రావడం సాధ్యపడింది. గురువు వారంలో ఒక్కో సాయంత్రం ఒక్కో ఉపగ్రామానికి వెళ్లే పద్ధతికి ఇది వీలు కల్పించింది. పల్లె తన ఆదివారాన్ని బుధవారం సాయంత్రం జరుపుకొన్నా ఆ సమావేశపు విలువ తగ్గలేదు.

7. ఒకే బలిపీఠం, వేర్వేరు చోట్లు:
విచారణ వారాన్ని గురించిన అత్యంత కఠినమైన ప్రశ్న కులానిది. 1704లో పోపు ప్రతినిధి టూర్నన్ పుదుచ్చేరిలో జారీ చేసిన ఆజ్ఞ స్థానికాచారాలకు మిషనరీలు ఇచ్చిన మినహాయింపులను నిషేధించింది. ‘అస్పృశ్యులు’గా పరిగణింపబడినవారి ఇళ్లకు వెళ్లి మరణశయ్యపై ఉన్నవారికి సంస్కారాలు ఇవ్వాలన్నది అందులోని ముఖ్యాంశం. 1744లో పోపు పద్నాలుగవ బెనెడిక్ట్ ఈ వివాదంపై తుది నిర్ణయం ప్రకటించాడు. దాని పర్యవసానంగా వచ్చిన పరిష్కారం మాత్రం అసంపూర్ణం. దళితుల కోసం వేరే మిషనరీలను నియమించారు. గురువు ఇంటి గడప దాటాడు, కానీ ఆ గురువు వేరు.

19వ శతాబ్ది చివరి దశకాల్లో మాల, మాదిగ కుటుంబాలు పెద్దసంఖ్యలో క్రైస్తవంలోకి రావడంతో విచారణల జనస్వరూపం మారింది. పాత రెడ్డి, కమ్మ కథోలికులు, కొత్త దళిత విశ్వాసులు ఒకే మేత్రాసనంలో సభ్యులయ్యారు. ఒకే అప్పం పంచుకునే చోట కూర్చునే స్థలాలు వేరుగా ఉండటం, శ్మశానంలో హద్దులు ఉండటం దక్షిణ భారత విచారణల అనుభవంలో భాగం. కులానికీ కులదృష్టికీ క్రైస్తవంలో చోటు లేదని భారత కథోలిక పీఠాధిపతుల సమాఖ్య 1982లో ప్రకటించింది. 2016లో వెలువరించిన దళిత సాధికారత విధానపత్రంలో సంఘంలో వివక్ష కొనసాగుతున్నదని అంగీకరించింది.

సంఘం బయట వారి స్థితి మరో చిక్కుముడి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల గుర్తింపును హిందువులకు పరిమితం చేసింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు అది విస్తరించింది. క్రైస్తవులకు విస్తరించలేదు. తెలుగు రాష్ట్రాల్లో వారు వెనుకబడిన తరగతుల ‘సి’ సమూహంలో ఒక శాతం రిజర్వేషన్ పరిధిలోకి వస్తారు. ఆదివారం గుడికి వెళ్లడమనే సరళమైన చర్యకు ఈ విధంగా చట్టపరమైన మూల్యం ఏర్పడింది. విచారణ జ్ఞానస్నాన పుస్తకంలో ఒక పేరు, బడి రికార్డులో మరొక పేరు ఉండటానికి నేపథ్యం ఇదే. దీనిని వ్యక్తుల కపటంగా చూడటంకన్నా, రెండు వ్యవస్థలు ఒకే మనిషిపై మోపిన భారంగా చూడటం న్యాయం.

ఈ చరిత్ర నేపథ్యంలో 2000లో మారంపూడి జోజి హైదరాబాదు అగ్రపీఠాధిపతిగా నియమితులు కావడం, 2022 ఆగస్టు 27న పూల ఆంతోని తొలి దళిత కార్డినల్ కావడం ప్రతీకాత్మక ఘట్టాలు. తొలి తెలుగు కార్డినల్ కూడా ఆయనే. శిఖరాన జరిగిన మార్పు ఉపగ్రామపు పంక్తిలో ఎంతవరకు దిగివచ్చిందన్నదే అసలు గీటురాయి.

8. వారంలోని తక్కిన రోజులు:
విచారణ వారం ఆదివారంతో ముగియదు. మంగళవారం పునీత అంతోనివారికి, బుధవారం నిత్యసహాయమాతకు, శుక్రవారం సిలువకూ తిరుహృదయానికీ, శనివారం మరియమాతకు ప్రత్యేకం. తపస్కాలంలో ప్రతి శుక్రవారం సిలువ మార్గం నడుస్తుంది. ఈ క్రమానికీ హిందూ వారవ్రతాలకూ పోలిక కనిపిస్తుంది. అయితే దీనిని అనుకరణ అనడం తొందరపాటు. శనివారం మరియమాత స్మరణ మధ్యయుగ ఐరోపా నాటిది. నెల మొదటి శుక్రవారపు భక్తి 17వ శతాబ్ది ఫ్రాన్సులోని మార్గరెట్ మరియ దర్శనాలనుంచి వచ్చింది. బయటినుంచి వచ్చిన అలవాటుకు ఇక్కడ సిద్ధంగా ఉన్న మనోభూమిక దొరికింది అనడం సమంజసం. ఏటా ఫిబ్రవరిలో గుణదలకు చేరే యాత్రికుల్లో అన్యమతస్థులూ గణనీయంగా ఉండటం ఆ భూమిక ఉమ్మడిదని చెబుతుంది. 1924లో అర్లాటి గురువు ప్రతిష్ఠించిన లూర్దుమాత స్వరూపంతో మొదలైన ఆ భక్తి నేడు విచారణ హద్దులు దాటింది.

ఈ వారపు భక్తుల్లో ఎక్కువ భాగాన్ని మోసేది స్త్రీలు. వీధి జపమాల కూటమి, దేవాలయ శుభ్రత, రోగుల పరామర్శ, చావింటి జపం వారి చేతుల మీదుగా సాగుతాయి. పఠన సేవకూ పీఠ సేవకూ స్త్రీలను అధికారికంగా నియమించే అనుమతి 2021 జనవరిలో మాత్రమే వచ్చింది. ఉపదేశి విషయంలో వలెనే ఇక్కడా పని ముందు, గుర్తింపు తరువాత.

9. ముగింపు:
పై పరిశీలన వల్ల మూడు అంశాలు స్పష్టమవుతున్నాయి. మొదటిది, తెలుగు విచారణ ఆదివారం గురువు ఇచ్చిన వరంకన్నా విశ్వాసులు శ్రమతో నిలుపుకొన్న ఆస్తి. రెండవది, ఉపవాస నియమ సడలింపు, ప్రజల భాష వంటి దూరపు నిర్ణయాలు కూలివాని వారంలో ప్రవేశించినప్పుడే వాటి చారిత్రక అర్థం తేటపడుతుంది. మూడవది, ఆరాధనలో ప్రకటించే సమానత, ఆరాధన జరిగే చోట పాటించే సమానత ఒకటి కావడానికి ఇంకా దూరం ఉంది. ప్రతి ఆదివారం పూజలో సమాధాన సూచకంగా పక్కవారికి నమస్కరించే ఘట్టం ఒకటి వస్తుంది. ఆ పక్కన ఎవరు కూర్చున్నారన్నది విచారణ చరిత్రకు ప్రతివారం ఎదురయ్యే ప్రశ్న.