విలియం జిల్లెట్

విలియం హుకర్ జిల్లెట్ (1853 జూలై 24 – 1937 ఏప్రిల్ 29) అమెరికన్ రంగస్థల నటుడు, నాటక రచయిత, దర్శకుడు. షెర్లాక్ హోమ్స్ వేషాన్ని మూడు దశాబ్దాలకు పైగా, దాదాపు 1,300 సార్లు వేశాడు. ప్రధాన పాత్రలో నటించిన పూర్తి నిడివి చిత్రం ఒక్కటే: 1916లో ఎసనే కంపెనీ తీసిన ‘షెర్లాక్ హోమ్స్’. అదీ చాలా దశాబ్దాలు కనిపించకుండా పోయి 2014లో పారిస్‌లో దొరికింది. హోమ్స్ పేరు జిల్లెట్‌కు ఎంత కీర్తి తెచ్చిందో, నటనలో ఆయన తెచ్చిన మార్పును అంతగా మరుగుపరిచింది. గొంతెత్తి, చేతులూపి పాత్రను చాటే కాలంలో వేదిక మీద నింపాదిగా, మాటకు ముందు ఆలోచిస్తూ నిలబడిన నటుడాయన. దొరికిన ఆ ఒక్క సినిమా ఈ సంగతికి కళ్లెదుటి సాక్ష్యం.

బాల్యం, తొలి రోజులు

కనెక్టికట్ రాష్ట్రం హార్ట్‌ఫర్డ్‌లోని నూక్ ఫార్మ్ అనే పేటలో పుట్టాడు. రచయితలు, సంస్కర్తలు కూడి ఉండే చోటది. మార్క్ ట్వైన్, ‘అంకుల్ టామ్స్ కేబిన్’ రాసిన హారియట్ బీచర్ స్టో ఇరుగుపొరుగువాళ్లు. తండ్రి ఫ్రాన్సిస్ జిల్లెట్ అమెరికా సెనేటర్‌గా పనిచేసినవాడు, బానిసత్వాన్ని గట్టిగా వ్యతిరేకించినవాడు. తల్లి ఎలిజబెత్ హుకర్ హార్ట్‌ఫర్డ్ పట్టణ స్థాపకుడు థామస్ హుకర్ వంశీకురాలు. అన్న రాబర్ట్ అంతర్యుద్ధం చివరిలో, 1865లో ఫోర్ట్ ఫిషర్ దగ్గర చనిపోయాడు. ఆ యుద్ధమే తర్వాత జిల్లెట్ రెండు గొప్ప నాటకాలకు కథావస్తువైంది.

అలాంటి పెద్దింటి పిల్లవాడు నాటకాల్లోకి వెళ్లడం అప్పట్లో మెచ్చదగిన పని కాదు. అయినా 1875లో, ట్వైన్ సిఫారసుతో, ఆయన నవల ఆధారంగా ఆడుతున్న ‘ది గిల్డెడ్ ఏజ్’ నాటకంలో బోస్టన్‌లో చిన్న వేషం సంపాదించాడు. ఆ తర్వాత కొన్నేళ్లు ఊరూరా తిరిగే నాటక సమాజాల్లో పని నేర్చుకున్నాడు. 1881లో సొంత నాటకం ‘ది ప్రొఫెసర్’తో న్యూయార్క్ చేరాడు. 1882లో హెలెన్ నికల్స్‌ను పెళ్లాడాడు. ఆమె 1888లో చనిపోయింది. జిల్లెట్ మళ్లీ పెళ్లి చేసుకోలేదు.

రచయితగా

తన వేషాలను తానే రాసుకునే నటుడు కావడం జిల్లెట్‌కు పెద్ద బలం. ‘హెల్డ్ బై ది ఎనిమీ’ (1886) అంతర్యుద్ధం నేపథ్యంగా విజయం సాధించిన తొలి ముఖ్య నాటకాల్లో ఒకటి. అందులో ఏ పక్షమూ దుర్మార్గుల పక్షం కాదు. యుద్ధం ముగిసి రెండు దశాబ్దాలే అయిన దేశంలో అది చిన్న విషయం కాదు. తెర వెనుక నుంచి గుర్రం పరుగు నిజమైనట్టు వినిపించేందుకు ఆయన ఒక పద్ధతి కనిపెట్టి, పేటెంట్ కూడా తీసుకున్నాడు. గుర్రం దూరం నుంచి దగ్గరవుతోందా, రాతి మీద పరుగెత్తుతోందా, మట్టి మీదా అన్న తేడా ప్రేక్షకుడి చెవికి తెలియాలన్నది ఆయన పట్టుదల.

1890ల మొదట్లో క్షయ వ్యాధి సోకి, నార్త్ కరోలినాలోని ట్రయాన్ కొండ ఊళ్లో విశ్రాంతి తీసుకున్నాడు. తిరిగి వచ్చాక నిర్మాత చార్లెస్ ఫ్రోమన్‌తో కలిసి ‘టూ మచ్ జాన్సన్’ (1894) అనే ప్రహసనంతో మళ్లీ నిలదొక్కుకున్నాడు. తర్వాత వచ్చింది ‘సీక్రెట్ సర్వీస్’. 1895లో ఫిలడెల్ఫియాలో ఇది నిలవలేదు. జిల్లెట్ దాన్ని తిరగరాసి, ప్రధాన పాత్ర తానే వేసి, 1896 అక్టోబరులో న్యూయార్క్ గారిక్ థియేటర్‌లో ఆడితే ఊరంతా దాని గురించే మాట్లాడింది. మరుసటి ఏడాది లండన్‌లోనూ జనం మెచ్చారు.

ఇందులో ఆయనది దక్షిణాది రాజధాని రిచ్‌మండ్‌లో మారువేషంలో ఉన్న ఉత్తరాది గూఢచారి పాత్ర. టెలిగ్రాఫ్ కార్యాలయం దృశ్యం నాటకానికి ఆయువుపట్టు. చుట్టూ అనుమానం ముసురుకుంటుండగా అతను తప్పుడు ఆజ్ఞను పంపే ప్రయత్నంలో ఉంటాడు. చేతికి గుండు తగిలినా అరవడు, రొమ్ము బాదుకోడు. తన పని తాను చూసుకుంటూ పోతాడు. ఆ నిదానం చూసే ప్రేక్షకులు ఊపిరి బిగబట్టేవారు. జిల్లెట్ నటనంతా ఈ ఒక్క దృశ్యం నుంచి అర్థం చేసుకోవచ్చు: చుట్టూ ఉన్నవాళ్లు తొందరపడాలి, నాయకుడు తొందరపడకూడదు.

షెర్లాక్ హోమ్స్

హోమ్స్ కథల రచయిత ఆర్థర్ కానన్ డాయిల్ 1893లో ఆ డిటెక్టివ్‌ను కథలో చంపేశాడు. కొన్నేళ్ల తర్వాత, డబ్బు అవసరమై, హోమ్స్ మీద ఒక నాటకం రాశాడు. అది ఫ్రోమన్ చేతికి, ఆయన ద్వారా జిల్లెట్ చేతికి వచ్చింది. తిరగరాసేందుకు జిల్లెట్ అనుమతి తీసుకున్నాడు. హోమ్స్‌కు పెళ్లి చేయవచ్చా అని అడిగితే, ఏమైనా చేసుకోమని డాయిల్ తంతి ఇచ్చాడన్నది ప్రసిద్ధమైన కథ. 1898 నవంబరులో శాన్ ఫ్రాన్సిస్కో బాల్డ్విన్ హోటల్ తగలబడినప్పుడు రాతప్రతి కాలిపోయింది. జిల్లెట్ మొత్తం మళ్లీ రాశాడు.

నాటకం 1899 అక్టోబరు 23న బఫలోలో మొదలై, నవంబరు 6న న్యూయార్క్ గారిక్‌కు వచ్చింది. అక్కడ 1900 జూన్ వరకు 256 ప్రదర్శనలు నడిచింది. 1901లో లండన్ లైసియం థియేటర్ చేరింది. విమర్శకులలో కొందరు దాన్ని ఉత్తి ఉత్కంఠ నాటకమని తీసిపారేశారు. కథ బలహీనమే, ఒప్పుకోవాలి. ఆలిస్ ఫాక్నర్ అనే యువతి, ఆమె దగ్గరున్న ఉత్తరాలు, వాటి కోసం హోమ్స్ శత్రువు మోరియార్టీ ముఠా, చివరికి హోమ్స్ ప్రేమలో పడటం. డాయిల్ అభిమానులకు ఆ ప్రేమ ఈనాటికీ మింగుడు పడదు. కానీ వేదిక మీద దృశ్యాన్ని నడిపించే నేర్పులో దీనికి సాటి వచ్చిన నాటకాలు ఆ కాలంలో తక్కువ. స్టెప్నీలోని గ్యాస్ గదిలో హోమ్స్‌ను చుట్టుముడతారు. అతను దీపం పగలగొడతాడు. చీకట్లో చుట్ట కొస ఎర్రగా వెలుగుతుంటే దుండగులు దాని మీదికి దూకుతారు. చుట్ట కిటికీ అంచున ఉంటుంది, హోమ్స్ తలుపు దగ్గర ఉంటాడు. అంకం మొదట్లో దీపాలు మెల్లగా వెలగడం, చివర్లో మెల్లగా ఆరిపోవడం కూడా ఈ నాటకంలో జిల్లెట్ వాడిన పద్ధతే. సినిమాల్లో ‘ఫేడ్’ అందరికీ అలవాటయ్యే ముందటి మాట ఇది.

హోమ్స్ అనగానే మనసులో మెదిలే రూపంలో జిల్లెట్ వాటా పెద్దది. మూల కథలకు సిడ్నీ పాజెట్ వేసిన బొమ్మల్లో పైపు తిన్నగా ఉంటుంది. వంపు తిరిగిన పైపును హోమ్స్ నోట పెట్టింది జిల్లెట్. 1903 నుంచి అమెరికన్ పత్రిక ‘కోలియర్స్’లో డాయిల్ మళ్లీ రాసిన హోమ్స్ కథలకు బొమ్మలు వేసిన ఫ్రెడరిక్ డార్ స్టీల్ జిల్లెట్ ముఖాన్నే హోమ్స్ ముఖంగా గీశాడు. హోమ్స్ ఉండే బేకర్ స్ట్రీట్ ఇంట్లో పనిచేసే బిల్లీ అనే కుర్రాడి పేరు కూడా నాటకంలో పుట్టి, ఆ తర్వాత డాయిల్ కథల్లోకి వెళ్లింది. రచయిత సృష్టిని నటుడు సరిదిద్దితే, రచయిత ఆ దిద్దుబాటును స్వీకరించడం అరుదు. 1905లో లండన్‌లో జిల్లెట్ పక్కన ఆ బిల్లీ వేషం వేసింది పదహారేళ్ల చార్లీ చాప్లిన్.

నటన గురించి ఆయన ఆలోచన

జిల్లెట్ కేవలం సహజంగా నటించి ఊరుకోలేదు, దాని వెనుక ఒక సిద్ధాంతాన్ని చెప్పాడు. 1913లో చికాగోలో చదివి, 1915లో అచ్చయిన ప్రసంగంలో దానికి ‘నటనలో తొలిసారి అనే భ్రాంతి’ అని పేరు పెట్టాడు. నటుడికి తర్వాతి మాట తెలుసు, పాత్రకు తెలియదు. పాత్ర ఆ మాట కోసం వెతకాలి, ఎదుటివాడి మాట వినాలి, విన్నాక ఆలోచించాలి. నటుడు నేర్చుకున్న వరుసలో చకచకా అప్పజెబితే అక్కడ మనిషి చచ్చిపోతాడు. వందోసారి ఆడుతున్నప్పుడు కూడా అదే తొలిసారి జరుగుతున్నట్టు చూపించడమే నటన. వేయికి పైగా సార్లు ఒకే వేషం వేసిన మనిషి ఈ మాట చెప్పడంలో బరువుంది.

హోమ్స్ కాక ఆయన వేసిన మంచి వేషాల్లో జె.ఎమ్. బారీ రాసిన ‘ది అడ్మిరబుల్ క్రైటన్’ (1903), ‘డియర్ బ్రూటస్’ (1918) చెప్పుకోదగ్గవి. రెండోదానిలో ఆయన ఊహల్లోని కూతురిగా చిన్న వయసు హెలెన్ హేస్ నటించింది. ఫ్రోమన్ 1915లో లుసిటానియా ఓడతో పాటు మునిగిపోయాడు. అప్పటికి జిల్లెట్ రిటైర్ కావాలన్న ప్రయత్నంలో ఉన్నాడు.

చలన చిత్రం

1916లో చికాగోలోని ఎసనే స్టూడియో ఆయన్ను పిలిచింది. దర్శకుడు ఆర్థర్ బెర్త్‌లే. నాటకంలో ఉన్న ఘట్టాలనే ఏడు రీళ్లలో తీశారు. హోమ్స్ మిత్రుడు వాట్సన్‌గా ఎడ్వర్డ్ ఫీల్డింగ్, మోరియార్టీగా ఎర్నెస్ట్ మోపాన్, ఆలిస్‌గా మార్జరీ కే నటించారు. జిల్లెట్‌కు అప్పుడు అరవై రెండేళ్లు. ఆ కాలపు తెర మీద ఎందరో నటులు ఇంకా రంగస్థలం అలవాటు వదలక కనుబొమలు ఎగరేసి, గుండె మీద చేయి వేసి భావం చూపిస్తుంటే, జిల్లెట్ దాదాపు ఏమీ చేయడు. నిలబడి చూస్తాడు. తల కొద్దిగా తిప్పుతాడు. గ్యాస్ గదిలో చుట్ట వెలిగించుకునే తీరు చూస్తే తన ప్రసంగంలో చెప్పినదంతా కంటికి కనబడుతుంది. మాట వినబడని మాధ్యమంలో అది మరింత స్పష్టంగా తెలుస్తుంది.

ఆ సినిమా తర్వాత కనబడకుండా పోయింది. ఇంచుమించు శతాబ్దం పాటు దానికి మిగిలినవి ఫోటోలు, పత్రికల రాతలే. 2014లో పారిస్‌లోని సినిమా భాండాగారం సినేమాథెక్ ఫ్రాన్సేజ్ గిడ్డంగిలో నైట్రేట్ ఫిల్మ్ దొరికింది. ఫ్రాన్స్‌లో నాలుగు భాగాల సీరియల్‌గా విడుదల చేయడానికి సిద్ధం చేసిన ప్రతి అది. టైటిల్ కార్డులు ఫ్రెంచ్‌లో ఉన్నాయి, ఏ దృశ్యానికి ఏ రంగు అద్దాలో సూచనలూ ఉన్నాయి. ఆ సూచనల వల్లే అప్పటి ప్రేక్షకుడు చూసిన రంగుల్ని మళ్లీ అద్దగలిగారు. శాన్ ఫ్రాన్సిస్కో సైలెంట్ ఫిల్మ్ ఫెస్టివల్‌తో కలిసి పునరుద్ధరించాక 2015లో ముందు పారిస్‌లో, ఆ తర్వాత శాన్ ఫ్రాన్సిస్కోలో ప్రదర్శించారు.

చివరి ఏళ్లు

1914 నుంచి 1919 మధ్య కనెక్టికట్ నది ఒడ్డున, హాడ్‌లైమ్ దగ్గర కొండ మీద జిల్లెట్ తన ఇల్లు కట్టుకున్నాడు. రాతికోటలా ఉండే ఇంట్లో ఇరవై నాలుగు గదులు, ఒకదానితో ఒకటి పోలని కొయ్య తలుపులు, విచిత్రమైన గొళ్లాలు ఉన్నాయి. తోటలో మూడు మైళ్ల చిన్న రైలు పట్టా వేసి, ఇంజన్ తానే నడిపి అతిథులను తిప్పేవాడు. 1943లో రాష్ట్ర ప్రభుత్వం ఆ ఆస్తిని కొని ప్రజల కోసం పార్కుగా మార్చింది.

1929 నవంబరులో, డెబ్బై ఆరేళ్ల వయసులో, వీడ్కోలు పర్యటనకు మళ్లీ హోమ్స్ దుస్తులు వేసుకున్నాడు. అది 1932 వరకు సాగింది. మధ్యలో 1930లో ఎన్‌బీసీ రేడియోలోనూ హోమ్స్ అయ్యాడు. 1936లో బ్రాడ్వేలో ‘త్రీ వైజ్ ఫూల్స్’ ఆడాడు. మరుసటి ఏడాది హార్ట్‌ఫర్డ్‌లో మరణించాడు. ఫార్మింగ్టన్ శ్మశానంలో భార్య పక్కన సమాధి చేశారు.

ఆయన నాటకాలు ఆయన లేకుండానూ తెరకెక్కాయి. ‘షెర్లాక్ హోమ్స్’ను 1922లో జాన్ బారీమోర్‌తో మళ్లీ తీశారు. 1938లో ఆర్సన్ వెల్స్ ఆ నాటకాన్ని రేడియోలో వినిపించి, ‘టూ మచ్ జాన్సన్’ కోసం కొన్ని చిత్ర ఖండాలు తీశాడు. అవీ పోయాయనుకుంటే 2013లో ఇటలీలోని పోర్దెనోనేలో బయటపడ్డాయి. ‘సీక్రెట్ సర్వీస్’ 1919లో రాబర్ట్ వార్విక్‌తో, 1931లో రిచర్డ్ డిక్స్‌తో సినిమా అయింది. టెలిగ్రాఫ్ కార్యాలయంలో నిలబడిన జిల్లెట్‌ను మాత్రం ఎవరూ చిత్రీకరించలేదు.