బెల్లింగ్‌హామ్ అల్లర్లు (1907)

అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో, కెనడా సరిహద్దుకు దగ్గరగా ఉన్న బెల్లింగ్‌హామ్ రేవు పట్టణంలో 1907 సెప్టెంబరు 4 రాత్రి భారతీయ కూలీలపై జరిగిన మూకదాడి. నాటి పత్రికలు బాధితులను హిందువులని రాశాయి గాని, వారిలో అత్యధికులు కలప మిల్లుల్లో పనిచేసే పంజాబీ సిక్కులు.

భారతీయులను పనిలోంచి తీసేయాలని కార్మిక సంఘాలవారు మిల్లు యజమానులకు కార్మిక దినం (సెప్టెంబరు 2) వరకు గడువు పెట్టారు. యజమానులు ఖాతరు చేయలేదు. రెండు రోజులకు గుంపు కూలీల బసలపై పడి, మిల్లుల్లోకీ చొరబడింది. గుంపు సంఖ్యపై కథనాలు కలవవు. నాలుగైదు వందలన్నది ఎక్కువగా వినిపించే లెక్క. కొట్టారు, దొరికిన డబ్బు దోచుకున్నారు. దాదాపు రెండు వందల మంది భారతీయులు ఆ రాత్రి పురపాలక భవనంలో గడిపారు. అది రక్షణ కోసమేనని ఒక వాదన, గుంపు పని సులువు చేయడానికేనని మరొకటి. అరెస్టయిన కొద్దిమందిలో ఎవరికీ శిక్ష పడకపోవడం చూస్తే రెండో వాదనను తేలిగ్గా తోసిపుచ్చలేం. మరణాలు నమోదు కాలేదు. పది రోజుల్లోపే భారతీయులంతా ఊరు ఖాళీ చేశారు. నాటి తన వార్తల తీరుకు స్థానిక పత్రిక ‘బెల్లింగ్‌హామ్ హెరాల్డ్’ 2007లో క్షమాపణ చెప్పింది.

సెప్టెంబరు 7న కెనడాలోని వాంకూవర్‌లో చైనీయులు, జపనీయుల వాడలపై దాడులు జరిగాయి. బెల్లింగ్‌హామ్ నుంచి తరలివచ్చినవారే దీనికి కారణమనే కథనం ఉంది. అయితే ఆ దాడులకు దారితీసిన ఊరేగింపు ముందే నిర్ణయమైనది. పావెల్ వీధి జపనీయులు కర్రలు, సీసాలతో గుంపును తిప్పికొట్టారు. చైనీయులు పనులు మానేశారు. తర్వాత ప్రధాని అయిన మెకంజీ కింగ్ నష్టాలను విచారించి ఉభయులకూ పరిహారం ఇప్పించారు. బెల్లింగ్‌హామ్ బాధితులకు అటువంటి విచారణ దక్కలేదు.

పంజాబీల స్పందన నెమ్మదిగా, వేరే ఊళ్లలో రూపుకట్టింది. 1908లో వాంకూవర్‌లోనూ 1912లో కాలిఫోర్నియాలోని స్టాక్టన్‌లోనూ గురుద్వారాలు వెలిశాయి. అవి ప్రార్థనకే కాక సభలకూ తావయ్యాయి. 1913లో బ్రిటిష్ పాలనపై పోరాడేందుకు ప్రవాస భారతీయుల గదర్ పార్టీ ఏర్పడింది. దీన్ని నేరుగా బెల్లింగ్‌హామ్‌కు ముడిపెట్టడం కొంత తొందరపాటు; వలస ఆంక్షలు, ఆ తర్వాతి దాడులూ అంతే పనిచేశాయి. తొలి అధ్యక్షుడు సోహన్ సింగ్ భక్నా ఆరెగాన్ కలప మిల్లులో పనిచేసినవారే. చదువు కోసం అమెరికా వెళ్లి ఈ పార్టీలో చేరిన తెలుగువారు కనిగిరికి చెందిన దరిశి చెంచయ్య. ఆయన స్వీయచరిత్ర పేరు ‘నేను – నా దేశం’.