మూసీ వరద: సహాయం నుంచి శాశ్వత నిర్మాణం దాకా

నదీతీరాన వెలసిన నగరానికి నది వరమే కాక భయకారణం కూడా అవుతుంది. హైదరాబాదు నగరానికి ఈ రెండింటినీ ఒకే నది చవిచూపింది. వికారాబాదు సమీపంలోని అనంతగిరి కొండల్లో పుట్టి, నగరం నడిబొడ్డున ప్రవహించి, వాడపల్లి వద్ద కృష్ణానదిలో సంగమించే మూసీ సంవత్సరంలో అధిక భాగం పలుచని పాయగానే కనిపిస్తుంది. అటువంటి నది 1908 సెప్టెంబరు 28న ఒక్క పగటిలో వేలాది ప్రాణాలను బలిగొన్నది. ఆ దుర్ఘటన దక్కన్ చరిత్రలో ఒక విషాదాధ్యాయం. ఒక ప్రభుత్వం వరద సహాయాన్ని అన్నదానంతో ఆపకుండా శాశ్వత ప్రజోపయోగ నిర్మాణంగా మలచిన తీరుకు కూడా అది ఉదాహరణ. ఆ నిర్మాణాల అసలు ప్రయోజనాన్ని తరువాతి తరాలు ఎంతవరకు గుర్తుంచుకున్నాయన్న ప్రశ్న ఈ చరిత్రతో విడదీయరానిది.

జలప్రళయం

మూసీ నగరాన్ని ముంచడం అదే మొదటిసారి కాదు. 1631లోను, 1831లోను వచ్చిన పెద్ద వరదలు చరిత్రకెక్కాయి. అయితే 1908 నాటి ఉపద్రవం వాటన్నిటినీ మరపించింది. తుపాను ప్రభావంతో మొదలైన వాన నగరానికి ఎగువన ఎడతెగక కురిసింది. శంషాబాదు వద్ద 24 గంటల్లో 12.8 అంగుళాలు, 48 గంటల్లో 18.9 అంగుళాల వర్షం నమోదైంది. రంజాన్ మాసం అప్పుడే ప్రారంభమైంది. 27వ తేదీ రాత్రి నిద్రించిన జనానికి తెల్లవారేసరికి నది వీథుల్లోకి వచ్చి ఉన్నది.

కోల్సావాడి వంటి తీరవాసాలు ఆనవాలు లేకుండా పోయాయి. ప్రాణరక్షణకై పేట్ల బురుజు ఎక్కిన వందలాది జనం బురుజు కూలడంతో ప్రవాహంలో కొట్టుకుపోయారు. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి ధ్వంసమైంది. ఆ ఆవరణలోని ఒక చింతచెట్టు కొమ్మలను పట్టుకుని సుమారు 150 మంది బతికి బయటపడ్డారు. ఆ చెట్టు తరువాత వెలసిన ఉస్మానియా ఆసుపత్రి ప్రాంగణంలో ఆనాటి సంఘటనకు సజీవ సాక్షిగా నిలిచింది. నదిపై కట్టిన వంతెనలు దెబ్బతినగా, 1578లో కుతుబ్‌షాహీల కాలంలో నిర్మించిన పురానాపూల్ మాత్రం ఉధృతిని తట్టుకుంది.

మరణించినవారు సుమారు 15,000 మంది అని అంచనా. నగర జనాభాలో దాదాపు నాలుగో వంతు నిరాశ్రయులయ్యారు. ఉర్దూ రుబాయీల కవిగా ప్రసిద్ధికెక్కిన అంజద్ హైదరాబాదీ ఆనాడు తల్లిని, భార్యను, కుమార్తెను కోల్పోయి తాను ఒక్కడే మిగిలాడు. వేలలో చెప్పే మృతుల లెక్క వెనుక ఎన్ని కుటుంబాల కథలు ఉన్నాయో ఊహించడానికి ఈ ఒక్క కవి జీవితం చాలు.

తక్షణ సహాయం

అప్పటి పాలకుడు ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్. ప్రధాని మహారాజా కిషన్ పర్షాద్. రాజప్రాసాదాల ద్వారాలను నిరాశ్రయులకు తెరిచారు. అన్నసత్రాలను నెలకొల్పారు. నది శాంతించాలని నిజాం స్వయంగా ఒడ్డుకు వెళ్లి హైందవ సంప్రదాయం ప్రకారం మూసీకి పూజ చేశాడని జనశ్రుతి. అందులోని యథార్థం ఎంతైనా, ఆపత్సమయంలో పాలకుడు ప్రజల మధ్య ఉండాలన్న ఆకాంక్ష ఆ కథలో వ్యక్తమవుతుంది.

అన్నము, వస్త్రము, తాత్కాలిక ఆశ్రయము ఏ వరదలోనైనా ప్రభుత్వం అందించవలసిన మొదటి సహాయం. అయితే అది వరద తీసిన తరువాతి వారాలకు చెందినది. మరుసటి వర్షాకాలానికి అది ఏ రక్షణనూ ఇవ్వదు. హైదరాబాదు ప్రభుత్వం ఈ సంగతిని గుర్తించి, ఉపద్రవానికి కారణమేమిటో, అది మళ్లీ రాకుండా చేయగలమా అని నిపుణులను అడిగింది.

కారణాల అన్వేషణ

బొంబాయి ప్రభుత్వ కొలువు విడిచి విదేశాల్లో పర్యటిస్తున్న మోక్షగుండం విశ్వేశ్వరయ్యకు నిజాం ప్రభుత్వం కబురు పంపింది. ఆయన 1909 ఏప్రిల్ 15న హైదరాబాదులో బాధ్యతలు స్వీకరించారు. వరద నివారణ పథకంపై నివేదికను అదే సంవత్సరం అక్టోబరు 1న సమర్పించారు. పరిశోధన, కొలతలు, సూచనలు అన్నీ ఆరునెలల లోపున పూర్తికావడం గమనార్హం.

ఆ పరిశీలన తేల్చిన విషయాలు ముఖ్యమైనవి. నగరానికి ఎగువన మూసీ పరీవాహక ప్రాంతం 862 చదరపు మైళ్లు. అందులో 788 చెరువులు ఉన్నాయి. అంటే దాదాపు ప్రతి చదరపు మైలుకు ఒక చెరువు. వ్యవసాయానికి ప్రాణాధారమైన ఆ గొలుసుకట్టు చెరువులలో 221 ఆ వానకు తెగిపోయాయి. పై చెరువు తెగితే ఆ నీరు కింది చెరువు కట్టపై పడుతుంది. అదీ తెగితే రెండు చెరువుల నీరు మూడవదానిపై పడుతుంది. ఈ విధంగా కురిసిన వానకు తెగిన చెరువుల నీరు తోడై, నగరం చేరేసరికి ప్రవాహం గరిష్ఠంగా సుమారు 4,25,000 క్యూసెక్కులకు పెరిగింది.

ఈ నిర్ధారణ వల్ల ఆలోచన ధోరణి మారింది. అంతవరకు వరద దైవఘటనగానే భావింపబడింది. వాన దైవాధీనమే కావచ్చు. కట్టల పటిష్ఠత, అలుగుల వైశాల్యం, నది దారిలో వెలసిన ఇళ్లు మాత్రం మనుషుల నిర్ణయాలే. మనిషి నిర్ణయించిన దానిని మనిషి సరిదిద్దగలడు. నివేదికలోని సిఫార్సులకు ఈ భావమే పునాది.

రెండు జలాశయాలు

నగరంలో గట్లు ఎత్తు పెంచినంత మాత్రాన అంతటి ప్రవాహం ఆగదు. కనుక దానిని నగరానికి చేరకముందే నిలువరించాలని విశ్వేశ్వరయ్య సూచించారు. ఎగువన మూసీపై ఒకటి, దాని ఉపనది ఈసీపై మరొకటి జలాశయాలు కట్టాలి. వరద వచ్చినపుడు వాటిలో నిలిపి, నది భరించగలిగిన మేరకు క్రమంగా వదలాలి. నగర పరిధిలో గట్లను బలపరిచి, వాటి వెంబడి రహదారులు, ఉద్యానాలు ఏర్పరచాలి. అవే జలాశయాలు నగరానికి మంచినీటినీ అందించగలవు.

నివేదిక ఇచ్చిన కొద్ది వారాలకే విశ్వేశ్వరయ్య చీఫ్ ఇంజనీరుగా మైసూరుకు వెళ్లారు. 1911లో ఆరవ నిజాం మరణించి, మీర్ ఉస్మాన్ అలీఖాన్ పాలనకు వచ్చాడు. పథకం రూపొందించినవారు, కోరినవారు ఇద్దరూ లేని పరిస్థితిలో అది దస్త్రాల్లో మిగిలిపోవడానికి అవకాశం ఎక్కువ. అలా జరగలేదు. 1913లో మూసీ జలాశయానికి శంకుస్థాపన జరిగింది. 1920లో అది పూర్తయి ఉస్మాన్‌సాగర్ అయింది. జనం దానిని గండిపేట చెరువుగా పిలుచుకున్నారు. ఈసీపై హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయింది. రెండు నదులూ ఈ జలాశయాలు దాటిన తరువాత, నేడు బాపూఘాట్‌గా పేరొందిన చోట కలిసి నగరంలోకి ప్రవేశిస్తాయి. వరద వచ్చిన నాటి నుంచి రెండవ జలాశయం పూర్తయ్యే నాటికి 19 సంవత్సరాలు గడిచాయి. అంతకాలం ఒక లక్ష్యాన్ని విడువకపోవడమే ఆ పాలనా యంత్రాంగపు ప్రధాన సాఫల్యం.

ఒడ్డున నివసించిన వారు

నగర పునర్నిర్మాణ బాధ్యతను 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి సంస్థ చేపట్టింది. ఇరుకైన మురికివాడలను తొలగించడం, రహదారులను వెడల్పు చేయడం, కొత్త గృహాలు కట్టించడం దాని పనులు. నదికి ఇరువైపులా హైకోర్టు, ఉస్మానియా ఆసుపత్రి, సిటీ కాలేజీ వంటి మహాసౌధాలు అనంతర దశాబ్దాల్లో వెలిసి, మూసీ తీరానికి నూతన శోభను చేకూర్చాయి.

అయితే ఈ శోభకు మరొక పార్శ్వం ఉన్నది. వరదలో ఎక్కువగా నష్టపోయినవారు ఒడ్డున గుడిసెల్లో, మట్టి ఇళ్లలో నివసించిన పేదలు. ఒడ్డు ఖాళీ చేయడం వారి రక్షణకు అవసరమే. కాని ఖాళీ అయిన ఒడ్డు ఉద్యానమో సౌధమో అయితే, పాత నివాసికి ఎక్కడ, ఏ అద్దెకు, జీవనోపాధికి ఎంత దూరాన చోటు దొరికిందన్నది వేరే ప్రశ్న. కొత్త గృహాలు కొందరికి లభించాయి. లభించనివారు మరొక పల్లపు స్థలాన్ని వెతుక్కోక తప్పదు. వరద నివారణ పథకం ఏదైనా ఈ ప్రశ్నకు సమాధానం చెప్పవలసి ఉంటుంది. సమాధానం చెప్పని పథకం ప్రమాదాన్ని తొలగించదు, ఒక పేట నుంచి మరొక పేటకు మారుస్తుంది.

తెలుగునాట ఇతర నిదర్శనాలు

ఆపద నుంచి నిర్మాణానికి దారితీసిన సందర్భాలు తెలుగుదేశంలో మరికొన్ని ఉన్నాయి. 1832-33లో గుంటూరు సీమను కబళించిన కరువు తరువాతి దశాబ్దాల్లోనే ఆర్థర్ కాటన్ కృషితో 1847-52 మధ్య ధవళేశ్వరం ఆనకట్ట అవతరించింది. 1977 నవంబరు 19న దివిసీమను ముంచెత్తిన ఉప్పెన సుమారు పదివేల మందిని పొట్టనబెట్టుకున్నది. ఆ తరువాత తీరం వెంబడి తుపాను రక్షణ భవనాలు వెలిశాయి, హెచ్చరిక వ్యవస్థ మెరుగుపడింది. 1990 మే నెలలో మరొక ప్రచండ తుపాను కోస్తాను తాకినపుడు ఆరు లక్షలకు పైగా జనాన్ని ముందే సురక్షిత ప్రాంతాలకు తరలించగలిగారు. మరణాలు వెయ్యిలోపే ఉన్నాయి. సహాయం నిర్మాణంగా, నిర్మాణం అభ్యాసంగా మారినపుడు కలిగే ఫలితం ఇది.

మరపు

ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌ల విషయంలో ఈ అభ్యాసం కాలక్రమాన సడలింది. అవి వరద నివారణకు పుట్టినవి. మంచినీరు వాటివల్ల లభించిన అదనపు ఫలం. ఈ రెండు ప్రయోజనాలూ ఒకదానికొకటి కొంత విరుద్ధమైనవి. మంచినీటి కోసం జలాశయం నిండుగా ఉండాలి. వరదను ఆపడానికి దానిలో ఖాళీ ఉండాలి. ఏళ్ల తరబడి వరద రాకపోతే నిండుదనమే క్షేమంగా కనిపించడం సహజం. దశాబ్దాల పాటు నగరవాసులకు గండిపేట నీరు అంటే తాగేనీరు. వరదను ఆపే కట్టగా దానిని తలచుకున్నవారు తగ్గారు.

1996 మార్చిలో ఆనాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 111వ నంబరు ఉత్తర్వు ద్వారా జలాశయాల చుట్టూ పది కిలోమీటర్ల పరిధిలో, 84 గ్రామాల్లో కాలుష్యకారక పరిశ్రమలను, భారీ నిర్మాణాలను నియంత్రించింది. 2000 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ రక్షణను సమర్థించింది. అనంతరం మంజీర, సింగూరు నీటికి తోడు కృష్ణా, గోదావరి జలాలు నగరానికి చేరడంతో, జంట జలాశయాల మంచినీటి ప్రాధాన్యం తగ్గింది. ఆ కారణాన్నే చూపుతూ 2022 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం 69వ నంబరు ఉత్తర్వుతో ఆ ఆంక్షలను సడలించింది. ఆంక్షల వల్ల భూమి విలువ పెరగక నష్టపోతున్నామన్న ఆ గ్రామాల రైతుల వేదనలో న్యాయం లేకపోలేదు. కాని మంచినీటి అవసరం తగ్గినందున రక్షణ అనవసరమనే వాదంలో ఒక లోపం ఉన్నది. జలాశయాలు కట్టిన మొదటి కారణం ఆ లెక్కలో లేదు.

ఆ కారణం తొలగిపోలేదని ఇటీవలి సంవత్సరాలే నిరూపించాయి. 2020 అక్టోబరు 13, 14 తేదీల్లో నగరంలో కురిసిన కుండపోత వానకు గుర్రం చెరువు, అప్పా చెరువు వంటివి తెగి కాలనీలను ముంచాయి. 1908లో తెగిన 221 చెరువుల పాఠం ఇంకొకసారి వినిపించింది. ప్రభుత్వం ఒక్కో బాధిత కుటుంబానికి 10,000 రూపాయల సహాయం ప్రకటించింది. దరఖాస్తులకై జనం మీసేవా కేంద్రాల ముందు బారులు తీరారు. నవంబరులో నగరపాలక ఎన్నికల నియమావళి కారణంగా పంపిణీ నిలిచింది. 2025 సెప్టెంబరు చివరి వారంలో జలాశయాల గేట్లు ఎత్తినపుడు, మూసీ గర్భాన్ని ఆనుకుని కట్టిన మహాత్మాగాంధీ బస్సు స్టేషనులోకి నీరు చేరింది.

చేతికి అందిన నగదు బాధితునికి ఆ పూట అవసరం. దానిని చిన్నచూపు చూడరాదు. అయితే ఏ చెరువు ఎందుకు తెగింది, దాని అలుగు ఎక్కడ మూసుకుపోయింది, ఏ వీథి నాలా మీద కట్టబడింది అన్న విచారణ ఆ నగదు వెంట నడవాలి. 1908 వరద తరువాత ప్రభుత్వం సుమారు ఏడాదిలో కారణాలు తెలుసుకుని, పందొమ్మిదేళ్లు ఓపికతో పని పూర్తిచేసింది. ఆనాటి పాలన రాచరికం, ఆనాటి సాధనాలు పరిమితం. చెరువులను లెక్కపెట్టడం, వాన కొలతలు తీయడం, తేలినదానిని రాసి పాలకుని ముందుంచడం అనే పద్ధతికి మాత్రం కాలదోషం లేదు. వర్షాకాలానికి ముందే జలాశయంలో ఎంత ఖాళీ ఉంచాలో నిర్ణయించే అధికారి, ఒడ్డు విడవవలసిన కుటుంబానికి పనికి దగ్గరలో ఇల్లు చూపించే అధికారి, ఇద్దరూ ఆ పద్ధతికి వారసులే.