ధూమపాన విరమణ చరిత్ర : మందు, తోడు

వైద్యవృత్తిలో ఉన్న రోజులలో నేను ఎన్నో మందుల చీటీల చివర 'పొగ మానవలెను' అని వ్రాసాను. రక్తపుపోటుకు మందు వ్రాసేవాడిని. మధుమేహమునకు మోతాదు లెక్క కట్టేవాడిని. పొగకు మాత్రము ఒక ఆజ్ఞ వ్రాసి ఊరుకొనేవాడిని. గుండెపోటు నుంచి కోలుకున్న ఒక లారీ డ్రైవరు నాలుగు నెలల తరువాత పరీక్షకు వచ్చినపుడు అతని చొక్కా జేబులో బీడీకట్ట కనిపించింది. నేను కోప్పడ్డాను. "ఎన్నిసార్లు మానానో మీకు తెలియదండీ" అన్నాడతను, తల వంచుకొని. ఆ మాటకు నా వద్ద సమాధానము లేకపోయింది. అతను మరల నా వద్దకు రాలేదు.

అన్నిసార్లు మానిన మనిషి మరల ఎందుకు మొదలుపెడతాడు? నేను ఆనాడు వేసుకోవలసిన ప్రశ్న అది. అప్పటికే కొన్ని దేశములలో వైద్యులు, రసాయన శాస్త్రజ్ఞులు, పొగ మానిన సామాన్యులు ఆ ప్రశ్నకు సమాధానము వెదకుతున్నారు. ఆ వెదకులాట చరిత్రను మీకు చెప్పాలని ఈ వ్యాసము వ్రాస్తున్నాను. మీరు పొగత్రాగేవారైనా, మీ ఇంటిలో పొగత్రాగేవారు ఉన్నా, ఇది మీకు పనికివచ్చే చరిత్ర.

అలవాటా? వ్యసనమా?

1950లో రిచర్డ్ డాల్, ఆస్టిన్ బ్రాడ్‌ఫర్డ్ హిల్ అనే బ్రిటిష్ శాస్త్రజ్ఞులు ధూమపానమునకు, ఊపిరితిత్తుల క్యాన్సరుకు గల సంబంధమును గణాంకములతో చూపారు. 1964 జనవరి 11వ తేదీన అమెరికా సర్జన్ జనరల్ లూథర్ టెర్రీ విడుదల చేసిన నివేదిక ఆ హానిని సందేహమునకు తావు లేకుండా ప్రకటించింది. అయితే అదే నివేదిక ధూమపానమును వ్యసనముగా కాక, అలవాటుగానే వర్గీకరించింది.

ఇది పదభేదము మాత్రమే అని మీకు అనిపించవచ్చు. కాని చికిత్స అంతా ఆ పదము మీదనే ఆధారపడి ఉంది. అలవాటు అనుకుంటే దానిని మానుకొనే బాధ్యత పూర్తిగా మనిషిది. వైద్యుని పని హెచ్చరికతో ముగుస్తుంది. మానలేనివాడు మనోబలము లేనివాడవుతాడు. వ్యసనమైతే అది మెదడుకు సంబంధించిన రుగ్మత. దానికి చికిత్స చేయవలసిన బాధ్యత వైద్యునిది కూడా. సర్జన్ జనరల్ ఎవరెట్ కూప్ తన నివేదికలో నికొటిన్ వ్యసనమును కలిగించే పదార్థమని, హెరాయిన్, కొకెయిన్‌ల వ్యసనమునకు మూలమైన ప్రక్రియల వంటివే ఇక్కడా ఉన్నాయని ప్రకటించినది 1988లో. ఈ రెండు నివేదికల మధ్య 24 సంవత్సరములు గడిచాయి.

పీల్చిన పొగలోని నికొటిన్ కొద్ది సెకనులలోనే మెదడును చేరుతుంది. అక్కడి నాడీకణములపై ఉన్న గ్రాహకములకు అంటుకొని, తృప్తిని కలిగించే డోపమీన్ అనే రసాయనమును విడుదల చేయిస్తుంది. రోజూ పొగత్రాగేవారిలో ఈ గ్రాహకముల సంఖ్య పెరుగుతుంది. నికొటిన్ అందకపోతే చిరాకు, ఆందోళన, నిద్రలేమి, ఏకాగ్రత లోపము, అధికమైన ఆకలి కలుగుతాయి. లారీ డ్రైవరు ప్రతిసారీ ఓడిపోయినది వీటి చేతిలోనే.

జలాంతర్గామి నుంచి వచ్చిన ఆలోచన

నికొటిన్‌ను మందుగా ఇవ్వవచ్చు అనే ఆలోచన స్వీడన్‌లో పుట్టింది. జలాంతర్గాములలో పొగత్రాగుటకు వీలు లేదు. సముద్రములోనికి దిగినపుడు ఆ నావికులు సిగరెట్లకు బదులు పొగాకు నమలుతూ, పెద్ద ఇబ్బంది లేకుండా రోజులు గడుపుతున్నారని లుండ్ విశ్వవిద్యాలయమునకు చెందిన క్లేస్ లుండ్‌గ్రెన్, స్టెఫాన్ లిక్ట్‌నెకర్ట్ గమనించారు. వారికి కావలసినది పొగ కాదు, నికొటిన్ అని వారికి తోచింది. 1967లో ఈ సంగతిని హెల్సింగ్‌బోర్గ్‌లోని లియో అనే మందుల సంస్థలో పనిచేసే ఓవే ఫెర్నోకు ఉత్తరము ద్వారా తెలిపారు. ఫెర్నో రసాయన శాస్త్రజ్ఞుడు. స్వయముగా పొగత్రాగేవాడు కూడా.

నికొటిన్‌ను మింగితే ప్రయోజనము తక్కువ. ప్రేగుల నుంచి కాలేయమునకు చేరి, అక్కడే చాలవరకు విచ్ఛిన్నమవుతుంది. కనుక దానిని నోటిలోని పొర ద్వారానే రక్తములోనికి పంపాలి. ఫెర్నో దానిని ఒక రెసిన్‌కు బంధించి, నమిలే గమ్‌లో చేర్చాడు. నమిలినకొద్దీ నికొటిన్ మెల్లగా విడుదలవుతుంది. నోరు ఆమ్లముగా ఉంటే అది రక్తములోనికి సరిగా చేరదు కనుక గమ్‌కు క్షారగుణము కలిగించే పదార్థమును కూడా కలిపారు. ఈ గమ్ నమిలే ముందు కాఫీ, పళ్ళరసములు త్రాగవద్దని నేటికీ చెప్పుటకు కారణము ఇదే. నికోరెట్ అనే పేరుతో ఈ మందుకు 1978లో స్విట్జర్లాండులోను, 1984లో అమెరికాలోను అనుమతి లభించింది.

ఇదే కాలములో లండన్‌లోని మాడ్‌స్లీ ఆసుపత్రిలో మైకేల్ రస్సెల్ అనే మనోవైద్యుడు, ప్రజలు పొగత్రాగేది నికొటిన్ కొరకు, మరణించేది పొగలోని తారు, విషవాయువుల వలన అని వాదించాడు. అందువలన నికొటిన్‌ను శుభ్రమైన రూపములో ఇచ్చి పొగను మానిపించుట న్యాయమైన చికిత్స అని అతని అభిప్రాయము.

రస్సెల్ 1979లో ప్రచురించిన మరొక పరిశీలన నా వంటి వైద్యులకు పాఠము. లండన్‌లో అయిదు చోట్ల పనిచేసే 28 మంది సాధారణ వైద్యులు, తమ వద్దకు వచ్చిన రెండు వేలకు పైగా ధూమపానీయులలో కొందరికి పొగ మానమని ఒకటి రెండు నిమిషములు సలహా చెప్పి, ఒక కరపత్రము ఇచ్చి, తరువాత విచారిస్తామని చెప్పారు. ఏడాది తరువాత చూస్తే వారిలో మానినవారు నూటికి 5 మంది. ఏ సలహా పొందని వారిలో నూటికి ఒక్కరు కూడా లేరు. కాబట్టి వైద్యుని మాట వ్యర్థము కాదు. కాని మిగిలిన 95 మందికి ఆ మాట ఒక్కటే చాలలేదు.

పట్టీ, మాత్ర, పసుపు పూలచెట్టు

పచ్చి పొగాకు కోసే కూలీలకు తడి ఆకుల నుంచి నికొటిన్ చర్మము ద్వారా ఒంటిలోనికి చేరి వాంతులు, తలతిరుగుడు కలుగుతాయి. పొగాకు పండించే ప్రాంతముల వారికి ఇది తెలిసిన విషయమే. అమెరికాలో మర్రే జార్విక్, జెడ్ రోజ్ ఈ వ్యాధి నుంచే చర్మముపై అంటించే పట్టీ ఆలోచనను గ్రహించారు. తొలి ప్రయోగమును తమ చర్మము పైనే చేసుకున్నారు. నికొటిన్ పట్టీలకు అమెరికాలో 1991లో అనుమతి వచ్చింది.

కాలిఫోర్నియాలో మాజీ సైనికులకు వైద్యము చేసే లిండా ఫెర్రీ, బ్యుప్రోపియాన్ అనే మందుకు ధూమపాన వాంఛను తగ్గించే గుణము ఉన్నదని పరిశోధించింది. దిగులుకు వాడే ఆ మందు 1997లో పొగ మానుటకు కూడా అనుమతి పొందింది.

మూడవ కథ ఒక చెట్టుది. ఐరోపాలో లాబర్నమ్ అనే చెట్టుకు మన రేలపూల వలె పసుపు పూలగుత్తులు వ్రేలాడుతాయి. రెండవ ప్రపంచయుద్ధములో పొగాకు దొరకని సైనికులు దాని ఆకులను చుట్టి కాల్చారు. అందులోని సైటిసిన్ అనే పదార్థముతో 1964 నాటికే బల్గేరియాలో మాత్రలు తయారయ్యాయి. పశ్చిమ దేశముల వైద్యులు చాలా కాలము దానిని పట్టించుకోలేదు. (లాబర్నమ్ వేరు, మన రేల వేరు. లాబర్నమ్ ఆకులు, గింజలు విషపూరితములు. మాత్రకు బదులుగా ఆకును ఎవరూ ప్రయత్నించరాదు.) సైటిసిన్ నమూనాపై రూపొందిన వరెనిక్లిన్ అనే మందుకు 2006లో అనుమతి వచ్చింది. అది నికొటిన్ గ్రాహకములను కొంతవరకే ప్రేరేపించి వాంఛను తగ్గిస్తుంది. అదే సమయములో గ్రాహకములను ఆక్రమించుకొని ఉండుట వలన, సిగరెట్టు కాల్చినా పూర్వపు తృప్తి కలుగదు.

ఈ మందు మానసిక సమస్యలను కలిగిస్తుందనే భయముతో 2009లో అమెరికా దానిపై తీవ్రమైన హెచ్చరికను ముద్రింపజేసింది. ఎనిమిది వేలకు పైగా ధూమపానీయులపై జరిపిన పరిశీలన ఫలితములు 2016లో వెలువడ్డాయి. ఆ ముప్పు చెప్పుకోదగినంతగా పెరగలేదని తేలుటతో అదే సంవత్సరము ఆ హెచ్చరికను తొలగించారు.

మనుషుల దారి

మందుల కథ ఇలా సాగుతుండగా, మందుల ప్రసక్తి లేకుండా మరొక కథ నడిచింది. 1974లో అమెరికాలోని మాంటిసెల్లో అనే చిన్న పట్టణములో స్థానిక పత్రిక సంపాదకుడు లిన్ స్మిత్, ఊరంతా కలిసి ఒక్కరోజు పొగ మానాలని పిలుపునిచ్చాడు. ఆ ఆలోచన 1976లో కాలిఫోర్నియాకు, 1977లో దేశమంతటికీ వ్యాపించింది. మద్యమును మానుటకు ఒకరికొకరు తోడుగా నిలిచే సంఘముల సభ్యులు కొందరు, 1980ల ఆరంభములో కాలిఫోర్నియాలో పొగ మానుటకు కూడా అటువంటి సమావేశములను మొదలుపెట్టారు. నికొటిన్ అనానిమస్ అనే సంస్థ అలా ఏర్పడింది. అక్కడ ఉపన్యాసములు చేసే వైద్యుడు ఉండడు. మూడేళ్ళ క్రితము మానినవాడు, మూడు రోజుల క్రితము మానినవాడు పక్కపక్కన కూర్చుంటారు.

ఈ తోడు ఎంత బలమైనదో 2008లో నికొలస్ క్రిస్టాకిస్, జేమ్స్ ఫౌలర్ లెక్క కట్టారు. ఫ్రేమింగ్‌హామ్ గుండెజబ్బుల అధ్యయనములోని 12,067 మంది వివరములను 1971 నుంచి 2003 వరకు పరిశీలించారు. భార్యాభర్తలలో ఒకరు మానితే రెండవవారు పొగత్రాగే అవకాశము 67 శాతము, స్నేహితుడు మానితే 36 శాతము తగ్గింది. మనుషులు విడివిడిగా కాక గుంపులుగా మానుతున్నారని వారు గమనించారు. చివరకు పొగ మాననివారు సమాజపు అంచులకు చేరి, ఒంటరులుగా మిగిలారు.

రెండు దారులు కలిసిన చోటు

మందును నమ్మినవారు తోడును అదనపు హంగుగా చూసారు. తోడును నమ్మినవారిలో కొందరు మందును మరొక ఊతకర్రగా భావించారు. ఈ రెండూ కలిసిన చోటులలో మాడ్‌స్లీ ఆసుపత్రి ఒకటి. 1980లలో అక్కడ పీటర్ హాయెక్ మొదలైనవారు ధూమపానీయులను బృందములుగా కూర్చోబెట్టి, అందరూ ఒకే రోజున మానేటట్లు ఏర్పాటు చేసి, నికొటిన్ గమ్ ఇచ్చి, వారము వారము కలుసుకొనేటట్లు చేసారు. వైద్యుని బోధ కంటె సభ్యులు ఒకరికొకరు జవాబుదారీగా ఉండుటకే ప్రాధాన్యమిచ్చారు. ఈ అనుభవము పునాదిగా 1999 నుంచి ఇంగ్లండులో ప్రభుత్వము ధూమపాన విరమణ సేవలను నెలకొల్పింది.

2016లో యాభైకి పైగా అధ్యయనములను సమీక్షించిన కాక్రేన్ సంస్థ, మందును, మాటసాయమును కలిపి పొందినవారిలో మానగలిగినవారు, నామమాత్రపు సలహా పొందినవారి కంటె ఇంచుమించు రెండింతలని తేల్చింది. అయినా ఈ సహాయము పొందినవారిలో కూడా ఎక్కువమంది మొదటి ప్రయత్నములో సఫలులు కారు. ఈ సత్యమును మీకు దాచను. దీర్ఘవ్యాధికి చికిత్స చేసినట్లు దీనికి కూడా పలుమార్లు ప్రయత్నము చేయాలి. 2024 జులైలో ప్రపంచ ఆరోగ్య సంస్థ వెలువరించిన తొలి చికిత్సా మార్గదర్శకములు నికొటిన్, బ్యుప్రోపియాన్, వరెనిక్లిన్, సైటిసిన్‌లను సిఫారసు చేస్తూ, వాటితో పాటు మాటసాయమును కూడా అందించాలని చెప్పాయి.

శ్రీకాకుళము నేర్పినది

ఈ చరిత్రలో మన తెలుగునేలకు కూడా స్థానము ఉంది. శ్రీకాకుళము జిల్లా పల్లెలలో స్త్రీలు చుట్టను నిప్పు ఉన్న వైపు నోటిలో పెట్టుకొని కాల్చే 'అడ్డపొగ' అలవాటు, అంగిలిలో వచ్చే క్యాన్సరు వైద్యలోకమునకు సుపరిచితములు. టాటా మౌలిక పరిశోధనా సంస్థకు చెందిన దంతవైద్య పరిశోధకులు శ్రీకాకుళము, ఎర్నాకుళము, భావనగర్ జిల్లాలలో 36,000 మంది పొగాకు వాడేవారిని ఎంచుకొని, ఏటేటా వారి ఇళ్ళకు వెళ్ళి, నోరు పరీక్షించి, మానమని నచ్చజెప్పారు. 1986లో లాన్సెట్ పత్రికలో ఆ ఫలితములు వచ్చాయి. మానినవారు, తగ్గించినవారు పెరిగారు. మొత్తము మీద క్యాన్సరుకు ముందు వచ్చే తెల్లమచ్చలు తగ్గాయి. ఒకసారి కోప్పడి పంపివేయకుండా, మరుసటి ఏడు మరల తలుపు తట్టిన ఫలితమది.

మన దేశములో 2002లో 13 పొగాకు విరమణ కేంద్రములు మొదలయ్యాయి. 2016 నుంచి 1800-11-2356 అనే ఉచిత ఫోను సేవ ఉంది. ఆ సంఖ్య సిగరెట్టు పెట్టెల పైనే ముద్రించబడుతుంది.

మీరు మానదలచుకుంటే

ముందుగా ఒక తేదీ నిర్ణయించుకోండి. వైద్యునితో మాట్లాడి మీకు తగిన మందును ఎంచుకోండి. మూర్ఛవ్యాధి ఉన్నవారు బ్యుప్రోపియాన్ వాడరాదు. గర్భిణులు, గుండెజబ్బు ఉన్నవారు వైద్యుని అడగకుండా ఏ మందూ మొదలుపెట్టరాదు. వరెనిక్లిన్, బ్యుప్రోపియాన్‌లను సాధారణముగా మానే తేదీకి ఒకటి రెండు వారముల ముందే మొదలుపెడతారు. ఏ మందునైనా చెప్పినన్ని వారములు వాడాలి. వాంఛ తగ్గిందని మధ్యలో ఆపరాదు.

తరువాత ఒక తోడును వెదకుకోండి. మానిన స్నేహితుడు, మానదలచిన సహోద్యోగి, మీ తమ్ముడు, ఎవరైనా సరే. వాంఛ ఉప్పెన వలె వచ్చినా కొద్ది నిమిషములే ఉంటుంది. ఆ కొద్ది నిమిషములు ఫోనులో మాట్లాడే మనిషి ఉంటే చాలు. ఇంటిలోనివారు ఆ రోజులలోని చిరాకును తప్పుగా తీసుకోకండి. మరల ఒక సిగరెట్టు కాలిస్తే నిందించకండి; తరువాతి తేదీ ఎప్పుడని అడగండి.

డాల్ బృందము బ్రిటిష్ వైద్యులను 50 సంవత్సరములు గమనించి 2004లో చెప్పిన లెక్క ప్రకారము, 60వ ఏట మానినవారికి సుమారు 3, 50వ ఏట మానితే 6, 40వ ఏట మానితే 9 సంవత్సరముల ఆయువు తిరిగి దక్కుతుంది. ఆలస్యమయిందని ఎవరూ అనుకోనక్కరలేదు.

ఆ లారీ డ్రైవరు నేడు నా ఎదుటకు వస్తే, ఇన్నిసార్లు మానిన మనిషికి మనోబలము లేదని అనను. "ఈసారి మీరొక్కరే మానవద్దు, ఇద్దరము కలిసి ప్రయత్నిద్దాము" అని చెప్పి, మందు వ్రాసి, వచ్చే వారము మరల రమ్మంటాను. ఆ మాట అతనికి చెప్పలేకపోయాను కనుక, మీకు చెబుతున్నాను.