ఇల్లు కట్టినవాడి సంతకం

రింగాస్కిడీలో మందు తయారు చేయడం ఒక ఎత్తు, సరిగ్గా తయారు చేశామని రాసి సంతకం పెట్టడం ఒక ఎత్తు. ఐర్లాండులోని కార్క్ రేవు ఒడ్డునున్న ఈ చిన్న ఊరికి 1969లో ఫైజర్ వచ్చింది. దాని వెనకే మరికొన్ని మందుల కంపెనీలు, వాటి వెంట హైదరాబాదు, విశాఖ ఫార్మాల్లో చెయ్యి తిరిగిన నాలాంటి వాళ్లమూ వచ్చాం. ఐరోపా చట్టం ప్రకారం ‘క్వాలిఫైడ్ పర్సన్’ అనే నిపుణుడు తన సొంత పేరు మీద సంతకం చేయనిదే ఒక్క బ్యాచ్ కూడా బజారులోకి వెళ్లదు. తేడా వస్తే అడిగేది ఆ మనిషినే. క్వాలిటీ విభాగంలో ఇన్నేళ్లు పనిచేసినదాన్ని కదా, పక్కనే ఉన్న క్యారిగలైన్‌లో కొత్త ఇల్లు చూడ్డానికి వెళ్లినప్పుడు నా ప్రశ్న కూడా అదే: ఈ ఇంటికి సంతకం ఎవరిది?

మా నాన్నకి ఈ ప్రశ్న వింతగా తోచింది. తెనాలిలో మా ఇల్లు కట్టిన మేస్త్రీ రెండు వీధుల అవతలే ఉండేవాడు. స్లాబు కారితే కబురు పెడితే చాలు. అందుకే ఫోన్లో, “నమ్మకస్తుడేనా అమ్మా? ఎవరి తాలూకు?” అన్నాడు. నిజానికి ఐర్లాండు పల్లెల్లోనూ ఒకప్పుడు ఇదే పద్ధతి. 1971లో జాక్ ఫిట్జ్‌సైమన్స్ ‘బంగళో బ్లిస్’ అని ఇళ్ల ప్లాన్ల పుస్తకం వేశాడు. జనం ఆ పుస్తకం కొనుక్కుని, నచ్చిన ప్లాను ఎంచుకుని, సొంత పొలంలో తెలిసిన బిల్డరు చేత కట్టించుకునేవారు. అది రెండు లక్షల ప్రతులకు పైగా అమ్ముడుపోయింది. ఆదివారం చర్చిలో ఎదురుపడే మనిషి పునాదిలో సిమెంటు తగ్గించాలంటే కాస్త జంకుతాడు.

పట్నాల చుట్టూ వరసగా ఎస్టేట్లు లేచేసరికి ఆ జంకు పోయింది. బిల్డరు ముఖం కొనేవాడికి తెలియదు. 1978లో బిల్డర్ల రంగమే ముందుకొచ్చి, తర్వాత హోంబాండ్‌గా పేరుపడ్డ హామీ పథకం పెట్టింది. గోడలు, పునాది వంటి నిర్మాణ లోపాలకు కొన్నేళ్ల భరోసా. మనిషి మీద నమ్మకం పోయిన చోట కాగితం మీద నమ్మకం మొదలైంది.

ఆ కాగితం వెనక చట్టం రావడానికి మాత్రం ప్రాణాలు పోవలసి వచ్చింది. 1981 ఫిబ్రవరి 14 తెల్లవారుజామున డబ్లిన్‌లోని స్టార్‌డస్ట్ నృత్యశాలలో మంటలు లేచి 48 మంది యువతీయువకులు చనిపోయారు. దేశమంతటికీ వర్తించే భవన నిబంధనలు అప్పటికి లేవు. బిల్డింగ్ కంట్రోల్ చట్టం 1990లో వచ్చింది, దాని కింది నిబంధనలు 1992లో అమలయ్యాయి. అయినా తనిఖీ భారం అంతా స్థానిక కౌన్సిళ్లు మోయలేదు. కొత్త కట్టడాల్లో 12 నుంచి 15 శాతం చూస్తే చాలన్నది వాళ్ల లక్ష్యం. మిగతా వాటికి ఆర్కిటెక్టో ఇంజినీరో ‘నా అభిప్రాయంలో ఇది నిబంధనలకు అనుగుణంగానే ఉంది’ అని రాసిచ్చే కాగితమే దిక్కు. అది కంటికి కనిపించినంత మేరకే. ప్లాస్టరు వెనక, నేల కింద ఏముందో ఆ అభిప్రాయానికి పట్టదు.

డబ్బు వరదలా వచ్చిన కాలంలో, 2006 ఒక్క ఏడాదిలోనే, సుమారు 90 వేల ఇళ్లు పూర్తయ్యాయి. మరుసటి ఏడాదే ఉత్తర డబ్లిన్ ఇళ్లలో గచ్చు ఉబ్బి గోడలు పగలడం మొదలైంది. గచ్చు కింద పోసిన కంకరలో పైరైట్ ఉంది. గాలి, తేమ తగిలితే అది ఆమ్లమై, రాతిలోని సున్నంతో కలిసి జిప్సమ్‌గా మారి ఉబ్బుతుంది. రసాయనశాస్త్రం చదివిన నాకు ఆ సమీకరణం కొత్త కాదు. ఒకరి పడకగది కింద అది నడుస్తోందన్నదే గుండె గుభేలుమనిపించింది. పైరైట్ నష్టం తమ హామీ కిందికి రాదని 2011లో హోంబాండ్ చెప్పేసింది. చివరికి 2013లో ప్రభుత్వమే చట్టం చేసి మరమ్మతులకు దిగింది. అటు డొనెగల్‌లో ఇటుకగా వాడిన కాంక్రీటు దిమ్మెలే చేత్తో నలిపితే పొడైపోయాయి.

మాంద్యం వచ్చాక 2010 సర్వేలో 2,846 అసంపూర్తి ఎస్టేట్లు లెక్కతేలాయి. వీధిదీపాలు లేని రోడ్లు, పైకప్పు వేయని వరసలు. 2011 అక్టోబరులో డబ్లిన్‌లోని ప్రయరీ హాల్ నుంచి, మంటలు లేస్తే వాటిని ఆపే ఏర్పాట్లు లేవని, కోర్టు ఆజ్ఞతో జనాన్ని ఖాళీ చేయించారు. 187 ఫ్లాట్ల సముదాయం అది. అందులో ఉండే వీలు లేదు, బ్యాంకు అప్పు మాత్రం అలాగే ఉంది. పరిష్కారం కుదరడానికి రెండేళ్లు పట్టింది.

దాని ఫలితమే 2014 మార్చి 1 నుంచి అమలైన కొత్త నిబంధనలు. ఎస్టేటు ఇళ్లకైతే పని మొదలయ్యే ముందే ‘అసైన్డ్ సర్టిఫయర్’ని నియమించాలి. అతను నమోదైన ఆర్కిటెక్టో, ఇంజినీరో, సర్వేయరో అయి ఉండాలి. కట్టే దశల్లోనే చూసుకుంటూ వచ్చి, చివర బిల్డరుతో పాటు సంతకం చేయాలి. ఆ పత్రం కౌన్సిల్ రిజిస్టరులో ఎక్కాకే ఇంట్లో కాలు పెట్టాలి. మా ఫ్యాక్టరీ సంతకానికి ఇదే దగ్గరి చుట్టం. ఒక్క లొసుగు ఉంది: ఆ సర్టిఫయర్ బిల్డరు జీతగాడైనా చట్టం అభ్యంతరం చెప్పదు.

మన దగ్గర 2016 నాటి స్థిరాస్తి నియంత్రణ చట్టం ‘రెరా’, కొన్నవాళ్లు కట్టిన సొమ్ములో 70 శాతాన్ని ప్రత్యేక ఖాతాలో ఉంచమంటుంది, నిర్మాణ లోపాలకు అయిదేళ్ల బాధ్యత పెడుతుంది. ఇక్కడ ఐర్లాండులో సాధారణంగా పది శాతం అడ్వాన్సు, మిగతాది తాళం చేతికొచ్చేటప్పుడే. డబ్బు గండం తక్కువే కానీ, గోడలోపల గండం ఒకటే.

ఈ చరిత్ర తెలిశాక నేను మోడల్ ఇంటి సోఫాలు చూడ్డం మానేశాను. ఆ బిల్డరు పదేళ్ల కిందట కట్టిన ఎస్టేటుకి వెళ్లి, దాని రోడ్లు, మురుగు కాలువలు కౌన్సిల్ తన చేతుల్లోకి తీసుకుందా అని అడిగాను. తీసుకోలేదంటే పని ఎక్కడో మిగిలిందని లెక్క. పేరు మోసిన బిల్డరే అయినా అమ్మే కంపెనీ నిన్నగాక మొన్న పుట్టినది కావచ్చు. కాంట్రాక్టులో ఉన్న పేరుని కంపెనీల రిజిస్టరులో వెతికాను. తొలిసారి ఇల్లు, అదీ కొత్తది, కొనేవాళ్లకిచ్చే ‘హెల్ప్ టు బై’ పన్ను రాయితీ, 30 వేల యూరోల దాకా, రావాలంటే ఆ బిల్డరు రెవెన్యూ (పన్నుల శాఖ) ఆమోదించిన జాబితాలో ఉండాలి. అదీ చూశాను. తాళం తీసుకునే ముందు పనిలో లోపాలు వెతికే ‘స్నాగింగ్’ సర్వేయరుని నా డబ్బుతోనే పెట్టుకున్నాను.

1991 నుంచి 2013 మధ్య కట్టిన ఫ్లాట్లలో 62,500 నుంచి లక్ష దాకా లోపాలుండవచ్చని 2022లో ప్రభుత్వ కార్యవర్గం అంచనా వేసింది. కాగితం ఒక్కటే చాలదన్నమాట. అందుకే కార్క్ తెలుగువాళ్లు ఇల్లు చూడ్డానికి తోడు రమ్మంటే, తూర్పు ముఖమా, వంటగది ఆగ్నేయంలో ఉందా అని మీరు అడగండి, తర్వాత నేను మూడు అడుగుతాను అంటాను: సర్టిఫయర్ ఎవరు, అతనికి జీతం ఎవరిస్తున్నారు, అమ్ముతున్న కంపెనీ వయసెంత? వీటికి సూటిగా జవాబు రాకపోతే వాస్తు ఎంత బాగున్నా అడ్వాన్సు ఇవ్వొద్దంటాను.