ఏ క్రూజ్ ఎక్కుదాం? ముందు రజూలా కథ వినండి

స్కూలు సెలవులు దగ్గరపడితే ఇంట్లో ఒకటే చర్చ కదండీ: పిల్లల్ని, పెద్దవాళ్ళని తీసుకుని క్రూజ్‌కి వెళ్తే ఏ కంపెనీ ఓడ మంచిది? ఈ వారం ఎపిసోడ్‌లో ఆ ప్రశ్ననే పట్టుకుని వందేళ్ళు వెనక్కి వెళ్ళాం.

అప్పట్లో మద్రాసు నుంచి పెనాంగ్, సింగపూర్‌లకు బయల్దేరిన మనవాళ్ళకి ఇన్ని పేర్లు ఎక్కడివి? ఆ దారిలో బ్రిటిష్ ఇండియా కంపెనీదే పెద్ద చెయ్యి. 1926లో నీళ్ళలోకి దిగిన దాని ఓడ 'రజూలా'లో క్యాబిన్లు కొద్దిమందికే. మిగతా అందరూ డెక్ ప్రయాణికులే. మొదట్లో 5 వేల మందికి పైగా ఎక్కించుకోవడానికి అనుమతి ఉండేది. చాప పరిచినంత మేరే మనిషికి చోటు.

ఆ కంపెనీ 1914లోనే పీ అండ్ ఓతో కలిసింది. పీ అండ్ ఓ 1974లో ప్రిన్సెస్ క్రూజెస్‌ని కొనుక్కుంది. 2003లో ఈ రెండు క్రూజ్ పేర్లూ కార్నివాల్ గొడుగు కిందికి వచ్చాయి. కునార్డ్, కోస్టా కూడా ఆ ఇంటివే. అంటే నాలుగు బ్రోషర్లు ముందేసుకుని పోల్చినా, డబ్బు చేరేది ఒకే గల్లాపెట్టెకి కావచ్చు!

అందుకే పేరు పక్కనపెట్టి లెక్క అడగండి. గదికి కిటికీ ఉందా? టిప్పులు, పోర్టు పన్నులు ధరలోనే కలిశాయా? అమ్మమ్మ తినగలిగే భోజనం దొరుకుతుందా? ఇచ్చిన డబ్బుకి ఎంత చోటు, ఎంత మర్యాద అన్నది రజూలా డెక్ మీద ఎవరూ అడగలేకపోయిన ప్రశ్న. మనం అడగగలం.

మీ ఇంట్లో రజూలా ఎక్కి వచ్చినవాళ్ళుంటే, టికెట్లు కొనేముందు ఒకసారి వాళ్ళ పక్కన కూర్చుని ఆ కథ వినండి.