నడిబొడ్డుకు వెళ్లని రైలు... నడిబొడ్డు రద్దీకి మందు!

బ్రూక్లిన్, క్వీన్స్ మధ్య లైట్ రైలుకు న్యూయార్క్ సన్నాహాలు

హైదరాబాద్: మెట్రో రైళ్లు కిక్కిరిసిపోతుంటే వాటి సంఖ్య పెంచాలని, బోగీలు కలపాలని ఎవరైనా అంటారు. న్యూయార్క్ నగరం ఆ ప్రయత్నాలు చేస్తూనే మరో దారినీ వెతుకుతోంది. రద్దీ ఎక్కువగా ఉన్న నగర కేంద్రంలో కాకుండా, దానికి దూరంగా ఒక లైట్ రైలు మార్గాన్ని నిర్మించాలని తలపెట్టింది. బ్రూక్లిన్, క్వీన్స్ ప్రాంతాలను నేరుగా కలిపే ఈ మార్గం పేరు ఇంటర్‌బరో ఎక్స్‌ప్రెస్. మన్‌హట్టన్‌లో ఒక్క స్టేషన్ కూడా లేని ఈ రైలు, మన్‌హట్టన్ వైపు పరుగెత్తే భూగర్భ రైళ్లకు ఊరటనిస్తుందన్నది అధికారుల అంచనా. అది ఎలా సాధ్యం? ఏయే షరతులు నెరవేరాలి? అమీర్‌పేటలో నిత్యం రైలు మారే హైదరాబాద్ ప్రయాణికులకూ ఈ ప్రశ్నలు పరాయివి కావు.

ఆకులున్నాయి... పట్టా లేదు

న్యూయార్క్ భూగర్భ రైలు వ్యవస్థ 1904లో మొదలైంది. అక్కడివారు దీన్ని సబ్‌వే అంటారు. 472 స్టేషన్లున్న ఈ వ్యవస్థలో మార్గాలన్నీ దాదాపుగా మన్‌హట్టన్‌ను లక్ష్యంగా చేసుకుని వేసినవే. దుకాణాలు, కార్యాలయాలు, ఓడరేవులు అక్కడే కేంద్రీకృతమైన కాలమది. అందుకే నేటి పటాన్ని చూస్తే బండి చక్రానికి ఆకులు బిగించి, చుట్టూ పట్టా వేయడం మరచిపోయినట్లు కనిపిస్తుంది. పొట్టి దూరాల షటిల్ రైళ్లను మినహాయిస్తే మన్‌హట్టన్‌లో అడుగుపెట్టని మార్గం 'జి' ఒక్కటే.

నగర జనాభా మాత్రం అలా లేదు. 2020 జనగణన ప్రకారం మన్‌హట్టన్‌లో సుమారు 17 లక్షల మంది నివసిస్తుండగా, బ్రూక్లిన్‌లో 27 లక్షలు, క్వీన్స్‌లో 24 లక్షల మంది ఉన్నారు. ఆసుపత్రులు, కళాశాలలు, గోదాములు, చిన్న పరిశ్రమలు ఈ రెండు ప్రాంతాల్లోనూ విస్తరించాయి. పక్కపక్కనే ఉన్న ఈ రెండు ప్రాంతాల మధ్య ప్రయాణానికి చాలామందికి మిగిలినవి రెండే మార్గాలు. ఒకటి రోడ్డుపై నెమ్మదిగా కదిలే బస్సు. రెండోది మన్‌హట్టన్ మీదుగా చుట్టు ప్రయాణం.

నది రెండుసార్లు దాటాలి

ఉదాహరణకు బ్రూక్లిన్ కళాశాల ప్రాంతం నుంచి క్వీన్స్‌లోని జాక్సన్ హైట్స్‌కు వెళ్లాలనుకుందాం. 2వ నంబరు రైలెక్కి, ఈస్ట్ నది దాటి మన్‌హట్టన్‌లోని టైమ్స్ స్క్వేర్ చేరాలి. అక్కడ 7వ నంబరు రైలులోకి మారి, మళ్లీ అదే నదిని తూర్పు వైపు దాటాలి. ఆ ప్రయాణికుడికి మన్‌హట్టన్‌లో ఏ పనీ లేదు. అయినా అక్కడి రైళ్లలోనే నిలబడాలి. అక్కడి మెట్లే ఎక్కి దిగాలి.

రద్దీ లెక్కలో కీలకం ఇదే. ఏ మెట్రో మార్గమైనా మొదటి నుంచి చివరి వరకూ ఒకేలా నిండదు. నగర కేంద్రానికి చేరువయ్యే కొద్దీ నిండుతూ, ఒక చోట గరిష్ఠ స్థాయికి చేరుతుంది. న్యూయార్క్‌లో చాలా మార్గాలకు ఆ చోటు నది దాటే సొరంగాలు, వంతెనల పరిసరాల్లో ఉంటుంది. గంటకు ఎన్ని రైళ్లు నడపాలి, ఎన్ని బోగీలుండాలి అన్నది ఆ ఒక్క భాగమే నిర్ణయిస్తుంది. చుట్టు ప్రయాణం చేసే వ్యక్తి ఒకటి కాదు, రెండు మార్గాల్లో అలాంటి భాగాల గుండా వెళ్తాడు. అతడికి నేరు దారి చూపిస్తే రెండు చోట్లా ఒక్కో స్థానం ఖాళీ అవుతుంది. నగరం అంచున వేసిన రైలు నగరం నడుమ ఉపశమనం కలిగించడంలోని రహస్యం ఇదే.

రైళ్ల సంఖ్య పెంచే మార్గానికి హద్దులున్నాయి. బ్రూక్లిన్ మీదుగా వెళ్లే 'ఎల్' మార్గంలో, ఫ్లషింగ్ గణేశ ఆలయానికి వెళ్లే తెలుగువారికి సుపరిచితమైన 7వ మార్గంలో ఆధునిక కంప్యూటర్ సిగ్నలింగ్ ఇప్పటికే అమలులోకి వచ్చింది. 7వ మార్గంలో 2018లో ఆ పని పూర్తయింది. దీనివల్ల రైళ్లను ఒకదాని వెంట మరొకటి మరింత దగ్గరగా నడపవచ్చు. ఆ తర్వాత మిగిలేది కొత్త సొరంగాల తవ్వకమే. దానికయ్యే వ్యయం, కాలం అపారం.

పాత పట్టాల వెంట కొత్త మార్గం

ఇంటర్‌బరో ఎక్స్‌ప్రెస్‌కు భూమి కొత్తగా సేకరించాల్సిన అవసరం పెద్దగా లేదు. బ్రూక్లిన్ తీరం నుంచి క్వీన్స్ వరకూ ఒక గూడ్సు రైలు మార్గం ఎప్పటినుంచో ఉంది. అందులో ప్రధాన భాగమైన బే రిడ్జ్ శాఖలో ప్రయాణికుల రైళ్లు 1924లోనే నిలిచిపోయాయి. గూడ్సు రైళ్లు మాత్రం ఇప్పటికీ నడుస్తున్నాయి. ఈ దారిని ప్రయాణికులకు వాడుకోవాలని రీజినల్ ప్లాన్ అసోసియేషన్ 1996లో ప్రతిపాదించింది. పావు శతాబ్దం తర్వాత, 2022 జనవరిలో గవర్నర్ కాథీ హోచుల్ దాన్ని ప్రభుత్వ పథకంగా ప్రకటించారు.

పథకం స్వరూపం ఇదీ...

* పొడవు: సుమారు 22 కిలోమీటర్లు (14 మైళ్లు)
* స్టేషన్లు: 19
* అనుసంధానం: 17 వరకూ సబ్‌వే మార్గాలు, లాంగ్ ఐలండ్ రైల్‌రోడ్, పలు బస్సు మార్గాలు
* మార్గానికి అర మైలు పరిధిలో నివసించేవారు: దాదాపు 9 లక్షలు
* అంచనా వ్యయం: 550 కోట్ల డాలర్లు
* రోజుకు ప్రయాణికుల అంచనా: సుమారు 1.6 లక్షలు

రవాణా సంస్థ ఎంటీఏ 2025-2029 పెట్టుబడి ప్రణాళికలో ఇందుకు 275 కోట్ల డాలర్లు కేటాయించారు. అంటే అంచనా వ్యయంలో సగం. 2025 ఆగస్టులో రూపకల్పన దశ మొదలైంది.

లైట్ రైలే ఎందుకు?

బస్సుల ప్రత్యేక మార్గం, సాధారణ రైలు, లైట్ రైలు... ఈ మూడింటినీ పరిశీలించిన ఎంటీఏ 2023 జనవరిలో లైట్ రైలును ఎంపిక చేసింది. లైట్ రైలు బోగీలు సబ్‌వే బోగీల కంటే తేలికైనవి. ఇరుకు మలుపులు తిరగగలవు. చిన్న స్టేషన్లు సరిపోతాయి. అవసరమైతే రోడ్డు మీద కూడా నడుస్తాయి. గూడ్సు రైళ్ల పక్కనే వేరు పట్టాలు వేసి రద్దీ వేళల్లో 5 నిమిషాలకో రైలు నడపాలన్నది ఆలోచన.

రోడ్డు మీద నడవగలగడం ఎంత సౌలభ్యమో అంత ఇబ్బందీ అని ఈ పథకమే చాటింది. క్వీన్స్‌లో ఆల్ ఫెయిత్స్ శ్మశానవాటిక కింద ఉన్న పాత సొరంగం ఇరుకైనది. అందువల్ల అక్కడ రైలును వీధిలోకి మళ్లించాలని తొలుత భావించారు. కార్లు, సిగ్నళ్ల నడుమ రైలు నెమ్మదిస్తే ఆ ఒక్క చోటి జాప్యం మొత్తం మార్గానికీ పాకుతుందని విమర్శలొచ్చాయి. సొరంగ మార్గానికే మొగ్గుచూపుతూ 2025లో ప్రణాళికను సవరించారు. దీంతో ఈ చివరి నుంచి ఆ చివరికి ప్రయాణ సమయం అంచనా 39 నిమిషాల నుంచి 32 నిమిషాలకు తగ్గింది. ప్రయాణికుల అంచనా పెరిగింది. లైట్ రైలు విజయం బోగీల మీద కంటే దానికి దక్కే సొంత దారి మీదే ఎక్కువగా ఆధారపడుతుంది.

ఊరటతో పాటు కొత్త భారం

నాణేనికి రెండో వైపూ చూడాలి. నేరు దారి దొరికినవారు మన్‌హట్టన్ రైళ్ల నుంచి తప్పుకొంటారు. అదే సమయంలో, ఇంతవరకూ బస్సుల్లో, కార్లలో తిరిగినవారు లైట్ రైలెక్కి సబ్‌వే స్టేషన్లకు చేరతారు. ఇంటి దగ్గరి స్టేషన్‌కు బదులు మరింత వేగంగా వెళ్లే మార్గాన్ని ఎంచుకుంటారు. ఒక మార్గంలో భారం తగ్గితే మరో మార్గంలో పెరగవచ్చు. 7, ఇ, ఎఫ్, ఎం, ఆర్ రైళ్లు ఆగే జాక్సన్ హైట్స్, ఎ, సి, జె, జడ్, ఎల్ రైళ్లు కలిసే బ్రాడ్‌వే జంక్షన్ స్టేషన్ల మీద ఒత్తిడి పెరగడం ఖాయం. వేదికల వెడల్పు, మెట్లు, లిఫ్టులు ముందే సిద్ధం కాకపోతే రైలులో తగ్గిన తొక్కిసలాట స్టేషన్‌లో మొదలవుతుంది.

కెనడాలోని టొరంటో అనుభవం ఇందుకు హెచ్చరిక. ఎగ్లింటన్ వీధి వెంట 19 కిలోమీటర్ల లైట్ రైలు పనులు 2011లో మొదలై, 2020 గడువు దాటి ఏళ్ల తరబడి సాగాయి. తూర్పు పడమరలుగా సాగే ఈ మార్గం, కిక్కిరిసి ఉండే లైన్ 1 సబ్‌వేను అడ్డంగా దాటుతుంది. అక్కడ దిగి కేంద్రానికి వెళ్లేవారు లైన్ 1లోనే ఎక్కుతారు కదా! అందుకే లైన్ 1 భారం తగ్గించేందుకు నగర కేంద్రం మీదుగా వెళ్లే ఒంటారియో లైన్‌ను వేరుగా చేపట్టారు. అడ్డంగా వేసిన ప్రతి మార్గమూ ఊరటనివ్వదు. ప్రయాణికులు అసలు ఎక్కడికి వెళ్లాలనుకుంటున్నారో తేల్చుకున్నాకే ఆ నిర్ణయానికి రావాలి.

భాగ్యనగరానికి పాఠం

హైదరాబాద్ మెట్రోలో మియాపూర్-ఎల్బీనగర్, నాగోల్-రాయదుర్గం మార్గాలు అమీర్‌పేటలో కలుస్తాయి. దిల్‌సుఖ్‌నగర్ నుంచి హైటెక్ సిటీకి వెళ్లే ఉద్యోగికి అమీర్‌పేటలో పని లేకపోయినా అక్కడ దిగి మారక తప్పదు. టైమ్స్ స్క్వేర్‌లో రైలు మారే బ్రూక్లిన్ వాసిదీ ఇదే పరిస్థితి.

ఉన్న పట్టాలను నగర ప్రయాణానికి వాడుకోవాలన్న ఆలోచన కూడా మనకు కొత్త కాదు. 2003 ఆగస్టులో ప్రారంభమైన ఎంఎంటీఎస్ ఆ సూత్రంతో పుట్టిందే. అయితే దూరప్రాంత రైళ్లు, గూడ్సు రైళ్లు తిరిగే పట్టాలనే ఎంఎంటీఎస్ పంచుకోవాల్సి వచ్చింది. ఆ రైళ్లకు దారి ఇవ్వాల్సి వచ్చినప్పుడు ఇవి ఆగాలి. కొద్ది నిమిషాలకో రైలు నడపడం అందువల్లే కష్టమైంది. న్యూయార్క్ వేరు పట్టాలకు పట్టుబట్టడానికి కారణం ఇదే. హైటెక్ సిటీ పేరుతో ఎంఎంటీఎస్‌కు ఒక స్టేషన్, మెట్రోకు మరో స్టేషన్ ఉన్నా అవి రెండూ ఒకచోట లేవు. పటంలో కలిసినట్లు కనిపించే మార్గాలు నేల మీద కలవకపోతే ప్రయాణికుడు ఆటో ఎక్కుతాడు, లేదా సొంత వాహనం తీస్తాడు.

నడిబొడ్డు రద్దీకి మందు ఒక్కోసారి నగరం అంచున దొరుకుతుంది. అది పనిచేయాలంటే మూడు పథ్యాలు తప్పవు. రైలుకు అడ్డులేని సొంత దారి ఉండాలి. ఎదురుచూపు అవసరం లేనంత తరచుగా రైళ్లు రావాలి. మారే చోట నాలుగడుగుల్లో మరో రైలు అందాలి. వీటిలో ఏది లోపించినా కొత్త రైలు వచ్చినా పాత రద్దీ తగ్గదు.